గ్జాంటియా అమ్మేస్తున్నా... తర్వాత డీఎస్ తీసుకోవాలా, వద్దా?

నమస్తే అండి. ముందుగా ఒక శబ్దం వినిపిస్తా, సౌండ్ కాస్త పెంచుకోండి. ఇంజిన్ ఆన్‌లో ఉంది, బండి నిలబడే ఉంది. ఇదిగో... టక్. విన్నారా? రెండోది వచ్చేదాకా ఆగుదాం. ఇంకా రాలేదు. రాకపోవడమే మనకు కావాల్సింది. ఆ, ఇప్పుడొచ్చింది. ఆ రెండు టక్కుల మధ్య గ్యాప్ ఎంత ఎక్కువుంటే ఈ కారు అంత ఆరోగ్యంగా ఉన్నట్టు.

ఇది సిట్రోయెన్ గ్జాంటియా. 1993లో వచ్చిన మోడల్. దీన్ని అమ్మకానికి పెట్టా. దీని జాగాలో ఒక క్లాసిక్ కారు పెట్టుకోవాలని ఉంది. కాబట్టి ఈ వీడియోలో ముందు ఈ కారు రివ్యూ, తర్వాత నా మనసులో ఉన్న కార్ల సంగతి. రెండూ విడివిడి విషయాల్లా ఉంటాయి గానీ కావు, ఎందుకో మీకే తెలుస్తుంది.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. ఈ కారుకి మామూలు స్ప్రింగులు ఉండవు. ఒక్కో చక్రానికి ఒక ఇనప గోళం ఉంటుంది, దాన్నే స్ఫియర్ అంటారు. లోపల మధ్యలో రబ్బరు పొర. పొరకి ఒక వైపు నైట్రోజన్ గ్యాస్, ఇంకో వైపు ఎల్‌హెచ్‌ఎమ్ అనే ఆకుపచ్చ ఆయిల్. చక్రం గుంతలో పడితే ఆ కుదుపు ఆయిల్ మీదుగా గ్యాస్‌కి చేరుతుంది, గ్యాస్ నలిగి మళ్లీ సాగుతుంది. మీ నడుముకి మాత్రం ఏమీ తెలియదు. ఆయిల్‌ని ఇంజిన్‌తో తిరిగే పంపు ఒత్తిడి చేస్తుంది. ఆ ఒత్తిడిని ఇంకో ప్రధాన స్ఫియర్ దాచిపెడుతుంది. అందులో ఒత్తిడి తగ్గినప్పుడు రెగ్యులేటర్ పంపుకి మళ్లీ పని చెప్తుంది. ఇందాక మీరు విన్న టక్ అదే. రెండు మూడు సెకన్లకోసారి కొట్టుకుంటుంటే ఆ ప్రధాన స్ఫియర్‌లో గ్యాస్ అయిపోవచ్చింది, మార్చే టైమ్ వచ్చిందని అర్థం.

ఇంకో విషయం, బ్రేకులు కూడా ఇదే ఆయిల్ మీద నడుస్తాయి. అందుకే బ్రేక్ పెడల్ చాలా పదునుగా ఉంటుంది. వేరే కారు నుంచి దిగి ఇందులో ఎక్కినవాళ్లు మొదటి సిగ్నల్ దగ్గర ముందుకు తూలతారు, గ్యారంటీ.

నడపడానికి ఎలా ఉంటుంది? సాఫీగా ఉంటుందని అందరూ చెప్తారు, అది నిజమే. నాకు అంతకన్నా నచ్చేది బరువు పెరిగినా బండి ఎత్తు మారకపోవడం. వెనక సీట్లో ముగ్గురు కూర్చుని డిక్కీ నిండా సామాను వేసినా వెనక భాగం కిందికి దిగదు, హెడ్‌లైట్లు ఆకాశం వైపు చూడవు. ఇందులోనే ఆక్టివా అని ఒక రకం ఉంది, మలుపుల్లో కారు పక్కకి ఒరగకుండా హైడ్రాలిక్ సిలిండర్లతో పట్టి ఉంచుతుంది. రోడ్డుకి అడ్డంగా ఏదైనా వస్తే తప్పించుకునే పరీక్షలో, 1999లో ఒక స్వీడిష్ పత్రిక వాళ్లు నడిపితే అది గంటకి 85 కిలోమీటర్ల వేగంతో దాటింది. పెద్ద పెద్ద స్పోర్ట్స్ కార్లు ఆ రికార్డు దగ్గర ఏళ్ల తరబడి తల దించుకున్నాయి. నాది ఆక్టివా కాదులెండి, ఉంటే అమ్మేవాణ్ణే కాదు.

బాగోనివి కూడా చెప్పాలి. లోపలి ప్లాస్టిక్ పాతబడ్డాక కిర్రుమంటుంది. వెనక చక్రాల ఆర్మ్ బేరింగులు అరిగితే చక్రాలు లోపలికి వాలినట్టు కనిపిస్తాయి, టైరు ఒక అంచునే అరుగుతుంది. ముందు స్ట్రట్ల (చక్రాల పైన నిలువుగా ఉండే సస్పెన్షన్ స్తంభాల) పైన ఉండే రబ్బరు మౌంట్లు వదులైతే అసలు ఆలోచించొద్దు, వెంటనే మార్చాలి. అవి పూర్తిగా తెగితే స్ట్రట్ బానెట్‌ని గుద్దుకుని పైకొస్తుంది. ఈ వయసు కారు ఏది కొన్నా ముందు బానెట్ ఎత్తి ఆ రబ్బరు చూడండి, మిగతావన్నీ తర్వాత.

సరే, అమ్మకం సంగతి. ఇలాంటి కారు అమ్మేటప్పుడు కొనేవాళ్లకి ఉండే టెన్షన్ ఇంజిన్ గురించి కాదు, హైడ్రాలిక్స్ గురించి. "అమ్మో, ఆ ఆయిల్ సిస్టమ్ ఎవరు బాగు చేస్తారు" అని రేటు సగానికి సగం కొట్టేస్తారు. అందుకే నా సలహా, అమ్మేముందే స్ఫియర్లు మార్చేయండి. అవి మరలాగా తిప్పి ఊడదీసేవే. సిస్టమ్‌లో ఒత్తిడి వదిలేసి, బెల్ట్ పానాతో పట్టి తిప్పితే వస్తాయి. కానీ ఒక్క మాట, కారు కిందికి దూరాల్సి వస్తే స్టాండ్లు లేకుండా దూరకండి. ఒత్తిడి పోగానే బండి దానంతటదే కిందికి దిగుతుంది, అప్పుడు అడ్డంగా ఎవరున్నారో అది చూడదు.

స్ఫియర్లు బాగున్నాయని చూపించడం కూడా తేలిక. ఇదిగో కెమెరా ఇటు తిప్పుతున్నా. డిక్కీ అంచు మీద చేత్తో నొక్కుతున్నా. చూడండి, మెత్తగా కిందికి పోయి, నెమ్మదిగా పైకి వచ్చింది. స్ఫియర్ పోయిన బండి మీద ఇలా నొక్కితే గోడని నొక్కినట్టుంటుంది. ఈ వీడియో క్లిప్పే ప్రకటనలో పెట్టా. కింద భాగం ఫొటోలు, సిల్స్ (డోర్ల కింద పొడవుగా ఉండే భాగాలు) ఫొటోలు, తుప్పు ఉన్న చోట దగ్గర్నుంచి ఫొటో, అన్నీ పెట్టా. తుప్పు దాచి పెడితే కొనేవాడు ఎలాగూ చూస్తాడు. అప్పుడు దాచినదానికి, దాచనిదానికి కలిపి బేరం ఆడతాడు.

ఇక అసలు ప్రశ్న. తర్వాత ఏంటి?

మొదట మనసులోకి వచ్చింది డీఎస్, అదీ సిట్రోయెన్ వాళ్లదే. 1955 అక్టోబరులో పారిస్ మోటార్ షోలో దాన్ని చూపించినప్పుడు మొదటి రోజే పన్నెండు వేల ఆర్డర్లు వచ్చాయి. గీసింది ఫ్లామినియో బెర్తోనీ, ఇంజినీరింగ్ ఆంద్రే లెఫెబ్‌వ్ర్, ఈ ఆయిల్, గ్యాస్ సస్పెన్షన్ పాల్ మజేస్ ఆలోచన. 1975 దాకా దాదాపు పద్నాలుగున్నర లక్షలు తయారయ్యాయి. రోల్స్ రాయిస్ వాళ్లు సిల్వర్ షాడో కోసం ఇదే టెక్నాలజీ లైసెన్సు తీసుకున్నారంటే ఆలోచించండి.

అందం గురించి నేను చెప్పక్కర్లేదు. కానీ డీఎస్ అంటే అందరూ భయపడేది మళ్లీ అదే హైడ్రాలిక్స్‌కి. నా అభిప్రాయం వేరు. గ్జాంటియాని చూసుకున్నవాడికి డీఎస్ హైడ్రాలిక్స్ కొత్త భాష కాదు. అదే సూత్రం, అదే స్ఫియర్, అదే టక్. 1966లో ఆకుపచ్చ ఎల్‌హెచ్‌ఎమ్ వచ్చాక తయారైన డీఎస్‌లలో అదే ఆయిల్ కూడా. అంతకు ముందు ఎర్ర ఆయిల్ వాడేవాళ్లు. అది గాల్లోని తేమ పీల్చుకుంటుంది, లోపల్నుంచే పార్టుల్ని తినేస్తుంది. అందుకే నేను చూసేది ఆకుపచ్చ ఆయిల్ బండ్లే. తేడా తెలుసుకోవడం సులువు. ఎర్ర ఆయిల్ కార్లలో హైడ్రాలిక్ పార్టులకి నల్ల రంగు, ఎల్‌హెచ్‌ఎమ్ కార్లలో ఆకుపచ్చ రంగు. ఒక దాంట్లో ఇంకోటి పోస్తే రబ్బరు సీల్స్ అన్నీ పోతాయి, ఇక్కడ మాత్రం "ఒకసారికి ఏం కాదులే" అనేది ఉండదు.

మరి భయపడాల్సింది దేనికి? తుప్పుకి. డీఎస్ బయటి రేకులన్నీ బోల్టులతో బిగించినవి, కారుని మోసేది వాటి వెనక ఉన్న పెట్టె లాంటి చట్రం. బయట డోర్లు, ఫెండర్లు అద్దంలా మెరుస్తుంటాయి, లోపల సిల్స్ బిస్కెట్‌లా విరిగిపోతాయి. పెయింట్ చూసి కొన్నవాళ్లు అక్కడే మునుగుతారు. స్ఫియర్ మార్చడం ఒక పూట పని. చట్రం కుళ్లితే మొత్తం కారు విప్పి వెల్డింగ్ చేయాలి, అది ఎన్ని నెలలు పడుతుందో ఎవరూ చెప్పలేరు. ఒక మంచి సంగతి ఏంటంటే, వెనక ఫెండర్ ఒక్క బోల్టుతో నిలబడుతుంది. అది తీస్తే చట్రం నిజం బయటపడుతుంది. ఆ బోల్టు విప్పడానికి ఒప్పుకోని ఓనర్ దగ్గర నేనైతే బేరం మొదలుపెట్టను. డిక్కీ కింద నేల, వెనక అద్దం కింది భాగం, డోర్లు మూసినప్పుడు సందు సమానంగా ఉందా లేదా, ఇవి కూడా చూడాలి. డోరు పైకెత్తి మూయాల్సి వస్తోందంటే చట్రం వంగిందేమో అనుమానించాలి.

గ్జాంటియా అనుభవం ఉపయోగపడని చోట్లు కూడా ఉన్నాయి. డీఎస్‌లో ముందు బ్రేక్ డిస్కులు చక్రాల దగ్గర ఉండవు, లోపల గేర్‌బాక్సుని ఆనుకుని ఉంటాయి. వాటి దగ్గరికి చేయి పోనివ్వడమే ఒక యోగాసనం. ఇంజిన్ వెనక భాగం క్యాబిన్‌లోకి చొచ్చుకుని ఉంటుంది, అక్కడ పని ఉంటే మెకానిక్ ఓపిక పరీక్షే. గేర్లు కూడా హైడ్రాలిక్‌తో మారే రకంలో సెట్టింగులు కుదరకపోతే ప్రతి గేరుకీ కారు కుదుపుతుంది. అందుకే నాకు క్లచ్ పెడల్ ఉన్న మాన్యువల్ గేర్ల బండే కావాలి. అంటే 1957లో వచ్చిన ఐడీ వంశం, డీఎస్‌కే సాదా రూపం. 1969 తర్వాత దాని పేర్లే డీ స్పెషల్, డీ సూపర్. ఫ్యాన్సీ తక్కువ, తలనొప్పి కూడా తక్కువ. దారిలో చేయి ఊపేవాళ్లకి తేడా తెలియదు, వాళ్లకి అన్నీ డీఎస్‌లే.

డీఎస్ తర్వాతి సిట్రోయెన్, సీఎక్స్ గురించి అడుగుతారని తెలుసు. 1974లో వచ్చింది, 1975 యూరప్ కార్ ఆఫ్ ది ఇయర్. దాని డిరావి స్టీరింగ్ ఒక వింత. కారు నిలబడి ఉన్నా స్టీరింగ్ వదిలేస్తే దానంతటదే నిటారుగా తిరిగొస్తుంది. నడిపితే మనసు పోతుంది. కానీ తుప్పుకి పెట్టింది పేరు, లోపలి ట్రిమ్ పార్టులు దొరకడం డీఎస్ కన్నా కష్టం. డీఎస్‌ని ప్రేమించేవాళ్లు ఎక్కువ కాబట్టి దానికి కొత్తగా పార్టులు తయారు చేసేవాళ్లూ ఉన్నారు. సీఎక్స్ వద్దు అంటున్నా, బాధగానే.

హైడ్రాలిక్స్ అసలు వద్దనుకునేవాళ్లకి ప్యూజో 504. పినిన్‌ఫరీనా గీతలు, మామూలు స్ప్రింగులు, గట్టి ఇంజిన్. ఆఫ్రికా రోడ్ల మీద దశాబ్దాలు నిలబడిన కారు అది, రోజూ వాడుకునే క్లాసిక్ కావాలంటే నా ఓటు దానికే. సిట్రోయెన్ చిన్న కారు టూ సీవీ కూడా ఉంది, 602 సీసీ ఇంజిన్, గాలితోనే చల్లబడుతుంది, చాసిస్ కుళ్లితే జింకు పూత వేసిన కొత్త (గాల్వనైజ్డ్) చాసిస్ మీద బాడీ పెట్టేయొచ్చు. హైవే మీద లారీ పక్కనుంచి పోయినప్పుడు మాత్రం దేవుణ్ణి తలుచుకోవాలి. రెనో 4లో నాకు నచ్చే వింత ఒకటుంది. ముందు చక్రానికి, వెనక చక్రానికి మధ్య దూరం కుడి పక్కన ఒకలా, ఎడమ పక్కన ఇంకోలా ఉంటుంది. వెనక టార్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు) ఒకదాని వెనక ఒకటి పెట్టాల్సి వచ్చి అలా చేశారు. ఇది పార్టీలో చెప్పుకోవడానికి బాగుంటుంది, నాకు కారు కొనడానికి సరిపోలేదు.

కాబట్టి నా మొగ్గు డీ సూపర్ వైపు. వచ్చే వారం ఒకటి చూడ్డానికి వెళ్తున్నా. ఓనర్‌కి ఫోన్‌లో ముందే చెప్పా, "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి సార్, బండి నేలకి ఆనుకునే ఉండాలి" అని. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తేనే ఎంతసేపట్లో లేస్తుందో, ఎక్కడ ఆయిల్ కారుతోందో తెలుస్తుంది. ఆయన సరేనన్నారు. వెనక ఫెండర్ విప్పి చూడొచ్చా అంటే మాత్రం "వచ్చాక చూద్దాం లెండి" అన్నారు. ఆ జవాబు నాకంత నచ్చలేదు. అయినా పానా వెంట తీసుకెళ్తున్నా.