పంటు దాటి వచ్చే జట్టు

శ్రోతలందరికీ నమస్కారం.

దాళ్వా, అంటే రెండో పంట, కోతలు అయిపోయాయి. మా కోనసీమలో ఇప్పుడు ఏ ఊరికెళ్లినా చేలల్లో ఆటే. ఒక మడిలో కొబ్బరి మట్ట చెక్కిన బ్యాటుతో చిన్నపిల్లలు, పక్క మడిలో కార్కు బాలుతో పెద్దవాళ్లు. తొలకరి పడి నారుమళ్లు పోసేదాకా ఈ కొద్ది రోజులూ మావి. ఈ టోర్నమెంట్లకి ఏళ్ల తరబడి అంపైరుగా నిలబడ్డవాణ్ని కాబట్టి, క్రికెట్లో చిన్న దేశాల కష్టాల గురించి మాట్లాడమన్నారు. దేశాల సంగతి చెప్పేంతవాణ్ని కాదు. చిన్న జట్ల సంగతైతే కాస్త తెలుసు.

ఒక్క మ్యాచ్ చెబుతాను. నాకిచ్చిన టైము సగం దానికే పోయినా పర్వాలేదు.

1996 ప్రపంచకప్. ఫిబ్రవరి 29. పుణె. ఇటు కెన్యా, అటు వెస్టిండీస్. కెన్యాకి అదే మొదటి ప్రపంచకప్. క్రికెట్ మీద బతికే జట్టు కాదది. ఎవరి ఉద్యోగాలు వాళ్లవి, మిగిలిన టైములో ఆట. అవతల చూస్తే లారా, రిచర్డ్‌సన్ లాంటి బ్యాటర్లు, ఆంబ్రోస్, వాల్ష్ లాంటి బౌలర్లు.

కెన్యా ముందు బ్యాటింగ్ చేసి 166కి ఆలౌట్. అందులో అందరికంటే ఎక్కువ కొట్టిందెవరో తెలుసా? ఎక్స్‌ట్రాలు, అంటే బ్యాటుతో కొట్టకుండా వైడ్లు, నోబాల్స్ లాంటివాటితో వచ్చిన పరుగులు! 37. స్టీవ్ టికోలో కొట్టింది 29. అంటే కెన్యాకి టాప్ స్కోరర్ వెస్టిండీస్ బౌలర్లే అన్నమాట.

సరే, 166. లారా ఒక్కడే కొట్టేస్తాడనుకునే స్కోరు. రిచర్డ్‌సన్‌ని రజబ్ అలీ బౌల్డ్ చేశాడు. తర్వాత లారా. 8 పరుగుల మీద ఉన్నాడు. రజబ్ అలీ బంతి బ్యాటు అంచుకి తగిలింది. వెనక వికెట్ కీపర్ తారిక్ ఇక్బాల్. కళ్లద్దాలు, కాస్త భారీ మనిషి. బంతి చేతుల్లో పడిందో, ఒళ్లో పడిందో... కింద మాత్రం పడలేదు. లారా అవుట్!

ఇంక ఆ తర్వాత వచ్చినవాళ్లు వచ్చినట్టే వెళ్లారు. కెప్టెన్ మారిస్ ఒడుంబె పది ఓవర్లు వేసి 15 పరుగులిచ్చి మూడు వికెట్లు తీశాడు. ఆఫ్ స్పిన్. మన చేలల్లో వేసేలాంటి బౌలింగే, పెద్ద మాయేమీ లేదు. వెస్టిండీస్ 93 ఆలౌట్. 73 పరుగుల తేడాతో కెన్యా గెలిచింది.

మర్నాడు పొద్దున రేవు దగ్గర టీ బడ్డీలో పేపరు చూసి, ఆ 93 అచ్చుతప్పు అనుకున్నాం. ‘193 అయ్యుంటుంది, ఒకటి ఎగిరిపోయింది’ అన్నాడొకాయన. ‘193 అయితే వెస్టిండీసే గెలవాలి కదండీ, మరి పైన కెన్యా గెలుపు అని ఎందుకేశాడు’ అని ఇంకొకాయన. పావుగంట తేలలేదు.

గెలిచారు. సరే. తర్వాత?

2003లో కెన్యా ఏకంగా సెమీఫైనల్‌కి వచ్చింది. నైరోబీలో శ్రీలంకని ఓడించింది. కాలిన్స్ ఒబుయా లెగ్ స్పిన్‌కి అయిదు వికెట్లు. న్యూజిలాండ్ నైరోబీకి రానంది కాబట్టి ఆ పాయింట్లూ కలిసొచ్చాయి, అది కూడా నిజమే. సెమీస్‌లో మనమే 91 పరుగులతో ఓడించాం, గంగూలీ సెంచరీ. ఆ రాత్రి మా ఊళ్లో టపాసులు. కెన్యా వాళ్లు ఇంటికెళ్లారు. ఇంటికెళ్లి, పిలుపు కోసం కూర్చున్నారు.

పిలుపు రాలేదు. అంటే అసలు రాలేదని కాదు. పెద్ద జట్లతో ఆటలు కరువయ్యాయి. ఆట లేకపోతే టీవీ డబ్బు లేదు, డబ్బు లేకపోతే కుర్రాళ్లకి జీతం లేదు. తప్పంతా పెద్ద దేశాలదే అనను. కెన్యా బోర్డులో గొడవలు, ఆటగాళ్ల సమ్మెలు. ఆ ఒడుంబెనే బుకీలతో సంబంధాలున్నాయని 2004లో అయిదేళ్లు నిషేధించారు. ఆ పేరు వింటే నాకు ఇప్పటికీ పుణెయే గుర్తొస్తుంది, ఏం చేస్తాం. 2011 తర్వాత కెన్యా మళ్లీ ప్రపంచకప్ ఆడలేదు. 2014లో వన్డే హోదా, అంటే అధికారిక వన్డేలు ఆడే అర్హత, కూడా పోయింది.

ఐర్లాండ్ కథ ఇంకో రకం. 2011లో బెంగళూరులో ఇంగ్లండ్ 327 కొడితే, దాన్ని దాటేసి గెలిచారు. కెవిన్ ఓబ్రయన్ 50 బంతుల్లో సెంచరీ. 2017లో అయిదు రోజుల టెస్టులు ఆడే హోదా కూడా వచ్చింది. అయినా 2019 ప్రపంచకప్‌కి వచ్చేసరికి జట్లు పదికి తగ్గాయి, ఐర్లాండ్‌కి చోటు లేదు. ఆ కప్ ఎత్తిన ఇంగ్లండ్ కెప్టెన్ మోర్గన్ మాత్రం డబ్లిన్ కుర్రాడు. 2007 ప్రపంచకప్‌లో ఐర్లాండ్ తరఫునే ఆడాడు!

ఆ కుర్రాణ్ని నేను తప్పుపట్టను. ఏడాది పొడుగునా పెద్ద ఆటలు ఎక్కడుంటే అక్కడికి వెళ్తాడు.

2025లో నేపాల్ జట్టు షార్జా వెళ్లి వెస్టిండీస్‌ని టీ20 సిరీస్‌లో 2-1తో ఓడించింది. చాలా సంతోషం. కానీ నా ప్రశ్న అదే. తర్వాత?

ఇంత గట్టిగా అడగడానికి కారణం ఉంది. ఒకప్పుడు మా మండలంలో ఒక టోర్నమెంటుకి గోదావరి అవతల లంక నుంచి, అంటే ఏటి మధ్య దిబ్బ మీది ఊరి నుంచి, ఒక జట్టు వచ్చేది. సైకిళ్లు, బ్యాట్లు పంటులో, అంటే రేవు దాటించే పెద్ద పడవలో, వేసుకుని వచ్చేవాళ్లు. ప్యాడ్లు రెండు జతలు కూడా లేవు, చెరొక కాలికే కట్టుకునేవాళ్లు. ఒక ఏడాది టౌను జట్టుని ఓడించారు. నేనే అంపైర్ని. టౌను జట్టుతోపాటు వాళ్ల జనమూ వెళ్లిపోయారు, ఫైనల్‌కి మైకు పెట్టినా మనుషులు లేరు, చందాలు తగ్గాయి. మరుసటి ఏడాది లంకవాళ్లకి కబురు వెళ్లలేదు. ‘పంటు లేటయితే మ్యాచ్ ఆగిపోతోంది’ అని కారణం రాసుకున్నాం. రాసుకున్నాం అంటున్నాను. ఆ కమిటీలో నేనూ ఉన్నాను.

ఆ తర్వాత వాళ్లలో బాగా ఆడే ఇద్దరు టౌను జట్టులో చేరిపోయారు. మోర్గన్ గురించి చదివినప్పుడల్లా వాళ్లే గుర్తొస్తారు.

చిన్న జట్టుకి కష్టం ఓడిపోవడం కాదండీ. నాకౌట్, అంటే ఒక్క ఆట ఓడితే ఇంటికే. రెండు గంటలు ప్రయాణం చేసి వచ్చి, గంటలో ఓడిపోయి, మళ్లీ పంటు ఎక్కడం. తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకోడానికి రెండో ఆట ఉండదు. రెండో ఆట ఉంటేనే మొదటి ఆటలో నేర్చుకున్నది పనికొస్తుంది. ప్రపంచ క్రికెట్ని నడిపే ఐసీసీ వాళ్లకి చెప్పగలిగేవాణ్ని కాదు, ఊళ్లలో టోర్నమెంట్లు పెట్టే కుర్రాళ్లకి చెబుతున్నాను. నాలుగేసి జట్లని ఒక్కో గ్రూపు చెయ్యండి. రోజులు ఎక్కువ పడతాయి, ఓవర్లు తగ్గించుకోండి. వచ్చిన ప్రతి జట్టుకీ కనీసం రెండు ఆటలు ఇవ్వండి. పంటు దాటి వచ్చేవాళ్లకి మొదటి ఆట పదకొండింటికి పెట్టండి, పొద్దున్నే కాదు.

ఈసారి మా డ్రా, అంటే ఎవరు ఎవరితో ఎప్పుడు ఆడాలన్నది, నేనే రాశాను. మొన్న లంకకి ఫోన్ చేశాను. ఇప్పటి కెప్టెన్ అప్పటి వికెట్ కీపరు కొడుకు.

‘‘ఓడిపోయినా రెండో ఆట ఉంటదా మాస్టారండీ?’’

‘‘ఉంటుందిరా.’’

‘‘ఆయ్. అయితే కేరేజీలు రెండు పూటలకీ కట్టించుకొస్తామండి.’’