పందుల దారిన వచ్చిన తూటాలు

సభకు నమస్కారం.

మన చరిత్ర పాఠాల్లో సెర్బియా పేరు మొదటి ప్రపంచ యుద్ధం దగ్గర వస్తుంది. నేను అంతకు 110 ఏళ్ల ముందుకు, 1804కు వెళుతున్నాను.

బెల్‌గ్రేడ్ ప్రాంతం అప్పుడు ఒట్టోమన్ సుల్తానుది. పెత్తనం మాత్రం దహీలని పిలిచే నలుగురు జానిసరీ (సుల్తాను సైనిక దళం) నాయకులది. 1801లో సుల్తాను నియమించిన పాషానే, అంటే ఆ ప్రాంత పాలకుణ్ణే చంపేసిన ఘనులు వీళ్లు. 1804 మొదట్లో సెర్బుల ఊరి పెద్దల్ని ఏరి ఏరి చంపించారు. పెద్దలు పోతే జనం అణిగి ఉంటారని లెక్క. టోపొలాలో వాళ్లు వెతుక్కుంటూ వచ్చిన మనిషి కారాజోర్జె, పశువులూ పందులూ అమ్మే వ్యాపారి. ఆస్ట్రియాకు తోలబోతున్న మందను వదిలేసి తప్పించుకున్నాడని చెబుతారు. ఆ ఫిబ్రవరిలోనే ఒరాషాత్స్ గ్రామంలో జనం ఆయన్ని తిరుగుబాటుకు నాయకుడిగా ఎన్నుకున్నారు. అంతకుముందు గ్లావాష్ అనే ఆయన్ని అడిగితే, నేను అడవిలో తిరిగే దోపిడీగాణ్ణి, నా వెంట ఎవరొస్తారు అని తప్పుకున్నాడట.

పందుల వ్యాపారికి యుద్ధమేమిటి అనిపించొచ్చు. నన్నడిగితే, ఆ పని వ్యాపారికే సాధ్యం. వీళ్ల ప్రాంతం షుమాదియా అంతా ఓక్ అడవులు. రాలిన కాయలు తిని పందులు బలిసేవి. మందను సావా నది దాటిస్తే ఆస్ట్రియా వైపు నగదు చేతికొచ్చేది. ఏ రేవులో దాటాలో, అవతలి ఒడ్డున జెమున్‌లో ఎవరు అప్పిస్తారో, ఎవరు నోరు విప్పరో ఈ వ్యాపారులకు తెలుసు. పైగా కారాజోర్జె అంతకుముందు ఆస్ట్రియా తరఫున తుర్కులతో పోరాడినవాడు. ఆస్ట్రియా ఆయుధాల అమ్మకాన్ని నిషేధించినా మందుగుండు, సీసం ఆ పాత దారుల్లోనే దొంగచాటుగా వచ్చాయి.

1806లో తిరుగుబాటుదారులు మిషార్ దగ్గర గెలిచారు, ఏడాది చివరికి బెల్‌గ్రేడ్‌లోకి వచ్చేశారు. ఆ ఏడే ఇస్తాంబుల్ వెళ్లి సంధి మాట్లాడిందీ వ్యాపారే, పెతర్ ఇచ్కో. ఆ సంధి నిలవలేదు. 1812లో, అంతవరకు అండగా ఉన్న రష్యా తన దారి తను చూసుకుంది, మరుసటి ఏడు తిరుగుబాటు కూలింది. కారాజోర్జె ఆస్ట్రియాకు పారిపోయాడు.

1815లో మళ్లీ లేచినప్పుడు నాయకుడు మిలోష్ ఒబ్రెనోవిచ్. ఈయనా పశువుల వ్యాపారే! 1817లో రహస్యంగా తిరిగొచ్చిన కారాజోర్జెను ఈయన మనుషులే చంపారు, తల సుల్తానుకు వెళ్లింది. ఇక్కడే నాకు చిక్కు. రాజ్యం చేతికొచ్చాక మిలోష్ దాన్నీ దుకాణంలాగే నడిపాడు. ఉప్పు, పశువుల ఎగుమతి తన గుప్పిట్లో పెట్టుకుని విపరీతంగా సంపాదించాడు. మిగతా వ్యాపారులకు ఒళ్లు మండింది. 1835లో సొంత జనమే తిరగబడితే రాజ్యాంగం ఇచ్చాడు, కొన్ని వారాల్లోనే రద్దు చేశాడు. 1839లో గద్దె దిగక తప్పలేదు.