గోడ దాటిన బోర్డు

శ్రోతలకు నమస్కారం.

మన ఊళ్లలో ఏ బజారులోనైనా నిలబడి తలెత్తి చూడండి. కింద షట్టర్ 10 అడుగులుంటే పైన బోర్డు 15 అడుగులుంటుంది. అయితే పక్కవాడి గోడ మీదికి జరిగి ఉంటుంది, లేకపోతే రోడ్డు మీదికి పొడుచుకొచ్చి ఉంటుంది. దాని కింద ఎండ పడకుండా ఒక రేకు. రేకు అంచుకు ఏదో ఫోన్ కంపెనీ ఉచితంగా ఇచ్చిన ఇంకో బోర్డు. ఆ పక్కనుంచే కరెంటు తీగలు. వీటికి నియమాలేమైనా ఉన్నాయా అని అడిగితే "ఆఁ, ఏవో ఉంటాయిలెండి" అంటారు. నిజంగానే ఉన్నాయి, బాగానే ఉన్నాయి. ఇవాళ వాటి సంగతే చెప్పుకుందాం.

ముందు సజ్జా. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో జీవో 168 కింద భవన నిర్మాణ నియమాలు వచ్చాయి. గోడ బయటికి వచ్చే సజ్జా 60 సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు 2 అడుగులు, దాటకూడదని అందులో ఉంది. ఈ రెండడుగుల మాట జనంలో బాగా నాటుకుపోయింది. ఏ మేస్త్రీని అడిగినా "రెండడుగుల దాకా ఎవరూ ఏమీ అనరండీ" అంటాడు. అయితే ఆ రెండడుగులు ఎక్కడ? మన గోడకీ మన స్థలం హద్దుకీ మధ్య మనం ఖాళీగా వదలాల్సిన జాగాలో, సెట్‌బ్యాక్ అంటామే, అందులో. రోడ్డు మీద కాదు. పాత బజార్లలో అసలు సెట్‌బ్యాకే ఉండదు. గోడ దిగితే కాలవ, కాలవ దాటితే రోడ్డు. అక్కడ బయటికి వచ్చిన ప్రతి అంగుళమూ అందరి దారి మీదిదే. హైదరాబాద్ కార్పొరేషన్‌కు 1955 నాటి చట్టం ఉంది. దాని 402వ సెక్షన్ ప్రకారం దారికి అడ్డంగా ఏ కట్టడమూ పెట్టకూడదు. పెడితే నోటీసు కూడా ఇవ్వకుండా తీసేయించే అధికారం 405వ సెక్షన్ కమిషనర్‌కు ఇచ్చింది. ఏదో ఒక ఉదయం బుల్‌డోజర్ వచ్చి రేకులు పీకేస్తుంటే "చెప్పాపెట్టకుండా వచ్చారు" అని మనం గోల పెడతాం కదా, ఆ చెప్పకపోవడం చట్టంలో ఉన్నదే. ఏళ్ల తరబడి పట్టించుకోకుండా వదిలేసి ఒక్కరోజున విరుచుకుపడటం న్యాయమా అంటే, కాదనే నేనూ అంటాను. అది వేరే తగాదా.

ఇంతకీ దుకాణదారులు ఇలా ఎందుకు చేస్తారు? అందరూ అత్యాశపరులనుకుంటే పొరపాటు. గోడకు అతుక్కుని ఉన్న బోర్డు ఎదురు ఫుట్‌పాత్ మీద నడిచేవాడికే కనబడుతుంది. ఇదే వరసలో నడిచి వచ్చేవాడికి కనబడాలంటే బోర్డు అడ్డంగా బయటికి రావాలి. ఒకడు అడుగున్నర బయటికి పెడితే వాడి వెనక ఉన్నవాడి బోర్డు మరుగునపడుతుంది. అతను రెండడుగులు పెడతాడు. మూడోవాడు దానికి లైట్లు కడతాడు. ఆర్నెల్లు తిరిగేసరికి వీధిలో ఎవరి బోర్డూ సరిగ్గా కనబడదు, అందరి జేబుకూ చిల్లు పడి ఉంటుంది. ఇంత జరిగినా ఒక్కడు మాత్రం వెనక్కి తగ్గలేడు, తగ్గితే వాడి బేరం పోతుంది. అందరినీ ఒకేసారి వెనక్కి లాగగలిగింది నియమం ఒక్కటే. జైపూర్ పాత బజార్లు చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది: గులాబీ రంగు గోడలు, ప్రతి దుకాణం మీదా తెల్లటి పట్టీ, దాని మీద నల్ల అక్షరాలు. అక్కడ వ్యాపారం ఏమీ ఆగిపోలేదు. హైదరాబాద్‌లో చార్మినార్ దగ్గరున్న మన పత్తర్‌గట్టీ బజారును కూడా ఇలాంటి ఆలోచనతోనే కట్టారు. నిజాం కాలంలో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వేసిన ఆ రాతి కమాన్లన్నీ ఒకే కొలతలో ఉంటాయి. నీడ కావాలంటే కమాను కిందే నడవొచ్చు, రేకు కట్టుకోవాల్సిన పని లేదు. పైనున్నది కట్టడంలోనే కలిసి ఉంది కాబట్టి అది ఎవరి నెత్తినా పడదు.

నెత్తిన పడటం అంటే లండన్ సంగతి చెప్పాలి. ఒకప్పుడు అక్కడ దుకాణాలకు నంబర్లు ఉండేవి కావు, చదువు వచ్చినవాళ్లు కూడా తక్కువ. అందుకని ప్రతి దుకాణం ముందూ ఇనుప కమ్మీకి బొమ్మల బోర్డు వేలాడేది. అవి పోటీలు పడి పెరిగిపోయాయి. గాలి వీస్తే వీధంతా కిర్రుమనే చప్పుడే. 1667లోనే బోర్డులు గోడకు ఆనించి పెట్టాలని చట్టం చేశారు, ఎవరూ లెక్కచేయలేదు. 1718లో ఫ్లీట్ స్ట్రీట్ పక్క సందులో ఒక బోర్డు తన బరువుతో ఇంటి ముందుగోడనే లాక్కుని కూలింది. నలుగురు చచ్చిపోయారు. వాళ్లలో ఒకడు రాజుగారి నగల వ్యాపారి, ఇంకొకడు చెప్పులు కుట్టేవాడు. అయినా 1762 దాకా వేలాడే బోర్డులు పోలేదు. ఆ ఏడాది వెస్ట్‌మినిస్టర్ వీధుల చట్టం వచ్చి బోర్డులను గోడకు దించింది. వేలాడే బొమ్మ పోయాక దుకాణాన్ని గుర్తుపట్టడం ఎలా? ఇళ్లకు నంబర్లు వేయడం ఆ తరవాతి ఏళ్లలోనే ఊపందుకుంది.

ఇక గాలి. బోర్డు పెట్టేటప్పుడు మనం దాని బరువు చూస్తాం. ఇద్దరు కుర్రాళ్లు ఎత్తగలిగితే "లైట్ వెయిటే" అనుకుంటాం. కానీ బోర్డును పడేసేది దాని బరువు కాదు. కట్టడాలకు గాలి ఎంత వేగంతో లెక్కకట్టాలో భారత ప్రమాణాల సంస్థ ఒక పటం ఇచ్చింది. హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్లు, విజయవాడకూ విశాఖకూ 50. యాభై అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంలో ప్రతి చదరపు మీటరు మీదా గాలి 150 కిలోల బరువుతో నెడుతుంది. 20 అడుగుల పొడవు, 4 అడుగుల ఎత్తు ఉన్న మామూలు దుకాణం బోర్డు తీసుకోండి, అది ఏడున్నర చదరపు మీటర్లకు కాస్త తక్కువ. గుణిస్తే 1,100 కిలోలు. ఇంజనీర్లు దీనికి ఎత్తూ ఆకారమూ ఇంకా కలుపుతారు, నేను సులువు లెక్క చెబుతున్నాను. హైదరాబాద్ వేగానికి కట్టినా 870 కిలోలు వస్తుంది. అంత నెట్టుడును ఆపాల్సింది ఎవరు? పాత ఇటుక గోడలో రంధ్రం చేసి, ప్లాస్టిక్ ప్లగ్గు దూర్చి బిగించిన నాలుగు స్క్రూలు. బయటికి పొడుచుకొచ్చిన బోర్డయితే గాలి రెండు వైపులనుంచీ ఊపుతుంది. ఊపిన ప్రతిసారీ రంధ్రం కాస్త వదులవుతుంది. ఏంగిల్ ఫ్రేమ్ కింది మూల దగ్గర వాన నీళ్లు నిలిచి తుప్పు పడుతుంది. పైన కొత్త ఫ్లెక్సీ మెరుస్తుంటుంది కాబట్టి ఆ తుప్పు ఎవరికీ కనబడదు. ఫ్లెక్సీకి అర్ధచంద్రంలా కోతలు పెడతారు చూడండి, అవి గాలి పోవడానికే. వాటివల్ల వచ్చే మేలు కొంతే. ఇప్పుడు ఎక్కడ చూసినా అల్యూమినియం షీటు బోర్డులే, వాటికి ఆ కోతలూ లేవు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖలో ఉన్నవాళ్లకు గాలి గురించి నేను చెప్పక్కర్లేదు.

ముంబై ఘాట్‌కోపర్‌లో 2024 మే 13న గాలిదుమారానికి పెట్రోల్ బంకు మీద హోర్డింగ్ కూలి 17 మంది పోయారు. అక్కడి కార్పొరేషన్ అనుమతించే హద్దు 40 అడుగులకు 40. ఆ హోర్డింగ్ 120 అడుగులకు 120. తెలంగాణ ప్రభుత్వం హైదరాబాద్ కోసం ఇంతకు నాలుగేళ్ల ముందే, 2020 ఏప్రిల్ 20న, జీవో 68 ఇచ్చింది. నేలనుంచి 15 అడుగుల పైన ప్రకటన బోర్డులు పెట్టకూడదు, కదిలేవీ మిణుకుమిణుకుమనేవీ అసలే కుదరదు అని అందులో ఉంది. ఆ రోజుల్లో ప్రకటనల కంపెనీలు గగ్గోలు పెట్టాయి. నన్నడిగితే మంచి జీవో.

బోర్డు పెద్దదైతే ఇంకో ముప్పు ఉంది. మేడ మీది కిటికీలన్నీ దాని వెనక మూసుకుపోతాయి. బోర్డు ఏ కిటికీకీ, బయటికి వెళ్లే దారికీ అడ్డు రాకూడదని జాతీయ భవన నిర్మాణ స్మృతి చెబుతుంది. లోపల మంటలు లేస్తే పొగ బయటికి పోవాల్సింది ఆ కిటికీల్లోంచే, అగ్నిమాపక సిబ్బంది నిచ్చెన వేయాల్సిందీ అక్కడే.

కరెంటు సంగతి కూడా. ఇళ్లకు వచ్చే మామూలు లైనయినా, 11 కేవీ, అంటే 11 వేల వోల్టుల లైనయినా కట్టడానికి పక్కగా కనీసం 1.2 మీటర్ల దూరం ఉండాలి, అంటే 4 అడుగులు. బజారులో ఆ నాలుగడుగులను తినేసేది రోడ్డు మీదికి వచ్చిన బోర్డే. పెట్టేటప్పుడు ఇనుప ఫ్రేమును ఎత్తి అటూ ఇటూ తిప్పుతారు, అదే ప్రాణాంతకం. 2024 నవంబరులో తూర్పుగోదావరి జిల్లా తాడిపర్రులో ఫ్లెక్సీ కడుతూ కరెంటు షాక్‌తో నలుగురు యువకులు చనిపోయారు. లైన్ ఆపమని విద్యుత్ శాఖను ముందుగా అడగడానికి మనవాళ్లకు ఎందుకో మొహమాటం.

చివరిగా, బోర్డు కూలితే ఎవరిది బాధ్యత? దీనికి ఢిల్లీ చాందినీ చౌక్‌లో ఒక గడియార స్తంభం కూలి జనం చనిపోయిన కేసు ఉంది. అది మునిసిపాలిటీదే. లోపల గోడ పట్టు తప్పిందని మాకు తెలియదు అని వాదించారు. 1966లో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. దారి పక్కన కట్టడం ఉన్నవాడు దాన్ని ప్రమాదం లేకుండా చూసుకోవాల్సిందే, లోపం కనబడినా కనబడకపోయినా బాధ్యత తప్పదు అంది. మునిసిపాలిటీకే తప్పనిది మల్గీ యజమానికి, అంటే దుకాణం గది సొంతదారుకు, తప్పుతుందా? మన దగ్గర తిరకాసు ఏమిటంటే గోడ ఒకరిది, దుకాణం అద్దెకున్నవాడిది, బోర్డు బిగించింది ఇంకెవరో. దుకాణం ఖాళీ అయినప్పుడు అద్దెకున్నవాడు ఫ్లెక్సీ చుట్టుకుని వెళ్లిపోతాడు, ఇనుప ఫ్రేము అక్కడే వదిలేస్తాడు. కొత్తగా వచ్చినవాడు ఆ తుప్పు ఫ్రేమునే వాడుకుంటాడు. కాబట్టి మల్గీ అద్దెకిచ్చేవాళ్లు అగ్రిమెంట్‌లో రెండు లైన్లు ఎక్కువ రాయించండి: బోర్డు ఎంత పొడవు ఉండొచ్చో, ఖాళీ చేసే రోజున ఫ్రేముతో సహా ఎవరు దించాలో. అద్దెకు దిగేవాళ్లు పాత ఫ్రేము దించేదాకా కొత్త బోర్డుకు అడ్వాన్సు ఇవ్వకండి.

సెలవు, నమస్కారం.