రాత్రి రెండింటికి వెంటిలేటర్ పక్కన ఎవరున్నారు?

అందరికీ నమస్కారం. నాకిచ్చిన టాపిక్ చాలా పెద్దది: మారుతున్న జాతీయ ఆరోగ్య విధానాల నడుమ ఊపిరితిత్తుల వైద్యం, క్రిటికల్ కేర్. పేరు చదివేసరికే సగం టైమ్ అయిపోయేలా ఉంది కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. స్లైడ్లు తేలేదు.

ముందు ఒక తనిఖీ సంగతి. కొన్నేళ్ల కిందట నేను పనిచేసే చోటికి, ఊరూ పేరూ వద్దులెండి, ఐసీయూ చూడ్డానికి ఒక బృందం వచ్చింది. వెంటిలేటర్లు ఎన్ని, మానిటర్లు ఎన్ని, ఆక్సిజన్ పైపు ఎన్ని మంచాల దాకా వచ్చింది, అన్నీ సీరియల్ నంబర్లతో సహా ఓపిగ్గా రాసుకున్నారు. వాళ్లను తప్పుపట్టను, వాళ్ల పని వాళ్లు మర్యాదగానే చేశారు. కానీ రాత్రి షిఫ్టులో నర్సులు ఎంతమంది అనే గడి ఆ ఫారంలో లేదు. అంతకు పది రోజుల ముందే మా దగ్గర ఒకాయనకు తెల్లవారుజామున ఊపిరి ట్యూబులో కఫం గట్టిపడి అడ్డుపడింది. మెషిన్‌కి ఏ లోపమూ లేదు, అలారం కూడా ఠంచనుగా మోగింది. వినాల్సిన సిస్టర్ మాత్రం ఒక్కరే, ఆవిడ అప్పుడు రెండు మంచాల అవతల ఇంకొకరి బీపీ పడిపోతుంటే మందు కలుపుతున్నారు. సక్షన్ చేసేసరికి, అంటే ఆ కఫాన్ని పీల్చి తీసేసరికి, కొన్ని నిమిషాలు పోయాయి. ఆయన బతికారు, కానీ ఇంటికి వెళ్లడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలు ఎవరి ఖాతాలోనూ పడలేదు.

నా గొడవంతా ఇదే. పాలసీలు రాసేవాళ్లు లెక్కపెట్టడానికి వీలైనదాన్ని కొంటారు. మెషిన్‌ని లెక్కపెట్టొచ్చు, ఫొటో తీయొచ్చు, రిబ్బన్ కత్తిరించొచ్చు. రాత్రి రెండింటికి అలారం విని లేచే మనిషికి రిబ్బన్ కట్టలేం కదా.

అసలు ఈ ఐసీయూ అనేది ఎలా మొదలైందో చూడండి. 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో విరుచుకుపడింది. బ్లెగ్‌డామ్ ఆసుపత్రిలో అప్పటికున్నది ఒక ఐరన్ లంగ్, అంటే రోగిని లోపల పడుకోబెట్టి ఊపిరాడించే పెద్ద డబ్బా, ఇంకా ఛాతీకి తొడిగే ఆరు చిన్న మెషిన్లు. వాటి మీద పెట్టిన మొదటి 31 మందిలో 27 మంది చనిపోయారు. అప్పుడు బియోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరును పిలిచారు. ఆయన ఆగస్టు 27న పన్నెండేళ్ల పాపకు గొంతు దగ్గర రంధ్రం చేయించి, ట్యూబు పెట్టి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ గాలి పంపాడు. పాప బతికింది. సరే, మిగతావాళ్లకో? దాదాపు 1,500 మంది విద్యార్థులు షిఫ్టులు వేసుకుని, నెలల తరబడి, ఒక్కో మంచం పక్కన కూర్చుని సంచి నొక్కారు. చావులు సగానికి పైగా తగ్గాయి. అంటే మన వృత్తిలో మొదటి వెంటిలేటర్ ఒక మనిషి చెయ్యి. ఇది నేను ప్రతి బ్యాచ్‌కీ చెప్తాను, విని విని మా వాళ్లకు విసుగొచ్చింది కూడా.

అదే ఏడాది డిసెంబర్‌లో, 5 నుంచి 9 వరకు, లండన్ మీద బొగ్గు పొగ కమ్మేసి కూర్చుంది. నాలుగు వేల మంది పోయారని మొదట లెక్కవేశారు, తర్వాతి పరిశోధనలు 12 వేల దాకా ఉండొచ్చన్నాయి. ఆ తర్వాతి నెలల్లో కూడా జనం పోతుంటే, అది ఫ్లూ వల్ల అని ప్రభుత్వం చెప్పుకుంది. ఇవాళ్టికీ ఆ అలవాటు పోలేదనుకోండి. చివరికి 1956లో క్లీన్ ఎయిర్ చట్టం వచ్చింది. దానికి ఒక్క వెంటిలేటరూ అక్కర్లేదు, ఒక్క డాక్టరూ అక్కర్లేదు. మా ఐసీయూ అంటేనే చేతులు కాలాక పట్టుకునే ఆకు. మంట దగ్గరే ఆపిన పాలసీ ఎవరిని కాపాడిందో వాళ్లకే తెలీదు, అందుకే దానికి ఓట్లు రావు.

ఇక మంచం దగ్గరికి వద్దాం. ఏఆర్‌డీఎస్ అంటే ఊపిరితిత్తులు లోపల నీరు నిండి బిగుసుకుపోయే స్థితి. ఒకప్పుడు మేం ఒక్కో శ్వాసకు బాగా ఎక్కువ గాలి తోసేవాళ్లం, రిపోర్టులో అంకెలు అందంగా కనపడేవి. 2000లో అమెరికాలో 861 మంది మీద చేసిన అధ్యయనం వచ్చింది. కిలోకి 12 మిల్లీలీటర్ల బదులు 6 ఇస్తే మరణాలు 40 శాతం నుంచి 31కి తగ్గాయి. ఈ కిలోలు త్రాసు మీద కిలోలు కావు, ఎత్తును బట్టి వేసేవి. 160 సెంటీమీటర్ల ఎత్తున్న ఆవిడ 80 కిలోలున్నా, ఊపిరితిత్తులది 52 కిలోల లెక్కే. ఆవిడకు శ్వాసకు 315 మిల్లీలీటర్లు చాలు. బరువు చూసి వేస్తే 480 అవుతుంది, అంటే మందు అనుకుని మనమే దెబ్బ కొడుతున్నాం. దీనికి కావాల్సిన పరికరం కొలత టేపు.

ఆ అధ్యయనానికి డబ్బు పెట్టింది ప్రభుత్వం. ఇది గుర్తుపెట్టుకోండి. డయల్ కాస్త తగ్గించండి అని చెప్పే పరిశోధనకు ఏ కంపెనీ అయినా ఎందుకు డబ్బిస్తుంది, అమ్ముకోవడానికి ఏముంది అందులో? కోవిడ్‌లో డెక్సామెథాసోన్ సంగతీ అంతే. పాత, చవక మందు. వెంటిలేటర్ మీదున్నవాళ్లలో మరణాలను మూడో వంతు తగ్గిస్తుందని 2020 జూన్‌లో తేల్చింది బ్రిటన్‌లో ప్రభుత్వ నిధులతో నడిచిన రికవరీ ట్రయల్. పరిశోధన బడ్జెట్ కోసేటప్పుడు ముందుగా పోయేది ఇలాంటి, ఎవరికీ లాభం రాని ప్రశ్నలే.

బోర్లా పడుకోబెట్టడం ఇంకో కథ. 2013లో ఫ్రాన్స్ వాళ్ల అధ్యయనం, 466 మంది, అందరూ బాగా విషమంగా ఉన్నవాళ్లు. రోజుకు కనీసం 16 గంటలు బోర్లా ఉంచితే 28 రోజుల్లో మరణాలు 33 శాతం నుంచి 16కి వచ్చాయి. ఇంత ఫలితమిచ్చే మందే ఉంటే ఎంత రేటు పెట్టి అమ్మేవాళ్లో ఊహించుకోండి. కానీ ఒకసారి ఆ తిప్పడం చూడండి. తల దగ్గర ఒకరు, ట్యూబు ఆయన చేతిలోనే, ఆయన అంకెలు లెక్కపెడితేనే మిగతావాళ్లు కదలాలి. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. మెడ దగ్గర మందులెక్కే లైన్లు లాగకుండా ఒకరు కనిపెట్టుకోవాలి. ఒకటి, రెండు అని పక్కకు జరిపి, మూడుకి తిప్పి, కళ్లు నొక్కుకోలేదు కదా, ట్యూబు మెలిక పడలేదు కదా అని వంగి చూసేసరికి అందరి వీపులూ తడిసిపోతాయి. ఐదారుగురు లేకపోతే ఈ వైద్యం లేదు. 50 దేశాల ఐసీయూలను చూసిన లంగ్ సేఫ్ అధ్యయనం 2016లో వచ్చింది. విషమంగా ఉన్న ఏఆర్‌డీఎస్ వాళ్లలో బోర్లా పడుకోబెట్టింది 16 శాతం మందినే అని అందులో తేలింది. ఎందుకని అడిగితే డాక్టర్లు రకరకాల కారణాలు చెప్తారు, నేనైతే సాయంత్రం ఆరు తర్వాత డ్యూటీ చార్టు చూపించమంటాను.

లెక్కల మీద నమ్మకం ఉన్నవాళ్లకు ఇంకో మాట. రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతమో చూపించే, వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ అంకె చూసి, ఇంత కంటే తక్కువైతేనే బెడ్ అని పాలసీలు రాశారు. ఒంటి రంగు ముదురుగా ఉంటే ఆ మీటర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపించే అవకాశం ఉందని 2020లో అమెరికాలో మళ్లీ బయటపడింది. మీటర్ 92 నుంచి 96 మధ్య చూపిస్తున్నప్పుడు రక్తం తీసి చూస్తే, నల్లజాతివాళ్లలో సుమారు 12 శాతానికి అసలు అంకె 88 లోపే, తెల్లవాళ్లలో అలా ఉన్నది సుమారు 4 శాతం. మళ్లీ అని ఎందుకన్నానంటే 1990లోనే ఒకసారి ఈ తేడా రాశారు. అందుకని అంకె బాగుందని ఆయాసపడుతున్న మనిషిని ఇంటికి పంపకండి, మొహం చూడండి.

పాలసీ మారితే ఏమవుతుందో ఒక్క ఉదాహరణ చెప్తాను. అమెరికాలో 1969 చట్టం ప్రకారం బొగ్గు గని కార్మికులకు ఉచితంగా ఛాతీ ఎక్స్-రే తీస్తారు. దుమ్ము మచ్చలు కనపడితే దుమ్ము తక్కువున్న పనికి మారే హక్కు కార్మికుడికి వస్తుంది. 2025 ఏప్రిల్‌లో ఆ పని చూసే నియోష్ అనే ప్రభుత్వ సంస్థలో ఉద్యోగాలు కోసేశారు, ఆ ఎక్స్-రే కార్యక్రమం ఆగిపోయింది. ఎక్స్-రే లేకపోతే మచ్చ లేదు, మచ్చ లేకపోతే హక్కు లేదు. ఒక కార్మికుడు కోర్టుకెక్కాడు, మేలో కోర్టు మళ్లీ మొదలుపెట్టమంది. ఇంకో పక్క ఆస్ట్రేలియా చూడండి, వంటగది గట్లకు వేసే కృత్రిమ రాయిని కోసే కుర్రాళ్లకు సిలికోసిస్ వస్తోందని 2024 జూలై 1 నుంచి ఆ రాయినే నిషేధించింది. మాస్కులు పంచి ఊరుకోలేదు. నాకు నచ్చిన పాలసీ అది, ఎందుకంటే ముప్పై ఏళ్లకే ఊపిరితిత్తులు రాయిలా అయిన మనిషికి మా దగ్గర మార్పిడి ఆపరేషన్ తప్ప ఇంకేం లేదు.

ఆక్సిజన్ గురించి 2023లో ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానమే చేసింది, సంతోషం. కాకపోతే ప్లాంటు పెట్టడం వేరు, దాని ఫిల్టర్ టైముకి మార్చే మనిషికి జీతం ఇవ్వడం వేరు. మీకు అర్థమైపోయి ఉంటుంది, మళ్లీ అక్కడికే వచ్చాను.

తనిఖీ కథ మిగిలిపోయింది. వెళ్లే ముందు ఫారం మీద సంతకం పెట్టమన్నారు. కింద కాస్త ఖాళీ ఉంటే రాత్రి షిఫ్టు నర్సులు ఇంతమంది, రోగులు ఇంతమంది అని పెన్సిల్‌తో రాశాను. ఆ అధికారి చూసి, నిజంగానే సందేహంతో, "డాక్టరు గారూ, కంప్యూటర్‌లో దీన్ని ఏ గడిలో ఎక్కించమంటారు?" అని అడిగారు. ఇద్దరం కలిసి స్క్రీన్ మీద చివరిదాకా వెతికాం. దొరకలేదు.

ఇక ప్రశ్నలు. మైకు వెనక వరసకి ఇవ్వండి, నైట్ డ్యూటీ నుంచి వచ్చిన సిస్టర్లు అక్కడ కూర్చున్నారు.