రెండు చేతులూ ఒక గొంతూ: పియానో వాయిస్తూ షూబర్ట్ పాట పాడటం

అందరికీ నమస్కారం.

ముందే చెప్పేస్తున్నాను, ఇవాళ మాట్లాడబోయేది సినిమా పాటకి నాలుగు కార్డ్స్ (chords, అంటే ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) పట్టుకుని పాడటం గురించి కాదు. అదీ మంచి పనే, నేనూ చేస్తాను. కానీ ఇవాళ్టి సంగతి వేరు. షూబర్ట్, షూమన్, బ్రామ్స్ లాంటి పంతొమ్మిదో శతాబ్దపు యూరప్ స్వరకర్తలు ఒక గొంతుకీ ఒక పియానోకీ కలిపి రాసిన పాటలున్నాయి కదా, వాటిని మీరే వాయిస్తూ మీరే పాడుకోవడం ఎలా అన్నది. మామూలుగా కచేరీల్లో గాయకుడు నిలబడి పాడతాడు, పియానిస్టు పక్కన కూర్చుని వాయిస్తాడు. మన ఊళ్లలో అలా వాయించేవాళ్లు దొరకడం ఎంత కష్టమో మీకు తెలిసిందే, దొరికినా ప్రతి మంగళవారం సాయంత్రం మీ ఇంటికి వచ్చి కూర్చోరు. కాబట్టి మన చేతులే మనకి దిక్కు.

ఇదేదో గతిలేక చేసే పని అనుకోకండి, దీనికి పెద్ద చరిత్రే ఉంది. షూబర్ట్ 1827లో ‘వింటర్‌రైజ’ అనే ఇరవై నాలుగు పాటల వరస రాసి, స్నేహితుల్ని కూర్చోబెట్టి తానే పాడి వినిపించాడు. వాళ్లు ఆ పాటల్లోని చీకటి చూసి బిత్తరపోయారట, ఒక్క ‘లిండెన్ చెట్టు’ పాట మాత్రం బాగుందన్నాడు ఒక స్నేహితుడు. ఆ తర్వాతి తరాల్లో జార్జ్ హెన్షెల్ అని ఒకాయన ఉన్నాడు. 1881లో మొదలైన బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రాకి మొదటి కండక్టర్ ఆయనే, మంచి బారిటోన్ (మగవాళ్ల మధ్యస్థాయి గొంతు) గాయకుడు కూడా. కచేరీల్లో తన పాటకి తనే పియానో వాయించుకునేవాడు. 1928లో, ఎనభైకి దగ్గరపడ్డ వయసులో, షూబర్ట్ పాటలు అలాగే రికార్డు చేశాడు. నెట్‌లో వెతికితే దొరుకుతాయి, తప్పకుండా వినండి. గొంతు ముసలిదే, కానీ ఎక్కడ ఆగాలో ఎక్కడ సాగాలో చేతికీ గొంతుకీ మధ్య అసలు బేరమే ఉండదు. ప్యారిస్‌లో రేనాల్డో హాన్ అనే స్వరకర్త అయితే పెదవికి సిగరెట్టు వేలాడేసుకుని, తల కాస్త వెనక్కి వాల్చి, పెద్దిళ్ల విందు గదుల్లో తన పాటలు తానే వాయిస్తూ పాడేవాడు. సిగరెట్టు సంగతి వదిలేయండి, మిగతాది నేర్చుకోదగ్గదే.

సరే, అసలు మాటకొస్తాను. ఎక్కువ మంది దీన్ని తలకిందులుగా నేర్చుకుంటారు. ముందు రెండు చేతుల భాగం మచ్చ లేకుండా సాధన చేసి, అది వచ్చేసిందనుకున్నాక పైన గొంతు పెడతారు. అప్పుడు ఏమవుతుందంటే చేతులు రాజ్యం చేస్తాయి, గొంతు సందు దొరికిన చోట దూరుతుంది, ఊపిరి తీసుకోవాల్సిన చోట తీసుకోదు, వేళ్లు ఖాళీ అయినప్పుడు తీసుకుంటుంది. వినేవాళ్లకి పియానో వాయిస్తూ ఏదో గొణుగుతున్నట్టు ఉంటుంది. నేను చెప్పేది ఒకటే: పియానో భాగాన్ని పలచన చెయ్యండి, పాటని పలచన చెయ్యకండి. స్వరాలు వదిలెయ్యండి, కార్డ్స్ తగ్గించండి, ఒక చేత్తో వాయించండి, కానీ ఊపిరీ మాటా నిలబడి పాడితే ఎలా ఉంటాయో కూర్చుని వాయిస్తున్నప్పుడూ అలాగే ఉండాలి.

స్వరాలు వదిలేస్తే పాపం కాదా అని అడుగుతారు. షూబర్ట్ ‘ఎర్ల్‌కోనిగ్’ తెలుసు కదా, రాత్రిపూట గుర్రం మీద తండ్రీ కొడుకుల పాట, కుడి చేతిలో గుర్రపు డెక్కల్లా ఒకే స్వరం మూడేసి దెబ్బలుగా ఆగకుండా కొడుతుంది, పెద్ద పెద్ద పియానిస్టులకే మణికట్టు పట్టేస్తుంది. షూబర్ట్ స్వయంగా ఆ మూడింటిని రెండు చేసి తేలిక చేసిన ప్రతి కూడా రాశాడు. రాసినవాడే తగ్గించుకుంటే మనకి మొహమాటం దేనికి?

ఇప్పుడు ఒక పాట తీసుకుని దగ్గరగా చూద్దాం. ‘ఆన్ డీ మూజిక్’, 1817 నాటిది, షూబర్ట్ స్నేహితుడు షోబర్ రాసిన కవిత, సంగీతానికి చెప్పుకున్న కృతజ్ఞత. రెండే చరణాలు. కాగితం మీద చూస్తే కుడి చేతిలో ఒకే కార్డ్ మళ్లీ మళ్లీ, బార్‌కి (తాళంలో ఒక ఆవృత్తం లాంటి గడికి) ఎనిమిది సార్లు. అసలు సంగీతం ఎడమ చేతిలో ఉంది. పాట మొదలయ్యే ముందే ఎడమ చెయ్యి కింద స్థాయిలో ఒక రాగం ఎత్తుకుంటుంది, గొంతు వచ్చాక దానికి జవాబు చెబుతూ పోతుంది. అంటే ఈ పాటలో ఇద్దరు గాయకులున్నారు, ఒకరు మీ గొంతు, రెండోవారు మీ ఎడమ చెయ్యి. కుడి చెయ్యి కేవలం నేపథ్యం.

కాబట్టి కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకోండి. మొదట మాటల్ని పాడకుండా, తాళంలో పలుకుతూ ఎడమ చెయ్యి వాయించండి. తర్వాత ఎడమ చేతి వరసని గొంతుతో పాడండి, కుడి చేత్తో గొంతు వరస వాయించండి. ఇది తలనొప్పి పనే, ఒప్పుకుంటాను, కానీ ఇది చేసినవాళ్లకి ఆ రెండు వరసలు ఎక్కడ ఢీకొంటాయో, ఎక్కడ ఒకదానికొకటి దారి ఇస్తాయో చెవికి పట్టేస్తుంది. ఆ తర్వాత గొంతూ ఎడమ చెయ్యీ కలిపి పాడండి. ఇక్కడే ఊపిరి ఎక్కడో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవాలి. ఊపిరి దగ్గర చెయ్యి ఆగకూడదు, ఇది బాగా గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే అందరి చేతులూ అక్కడే ఆగుతాయి. ఇది కుదిరాకే కుడి చెయ్యి, అదీ సగం బార్‌కి ఒక్క కార్డ్ పట్టుకుని ఊరుకోవడం. ఎనిమిది దెబ్బలూ చిట్టచివర. అవి రాకపోయినా ఫర్వాలేదు, పట్టుకున్న కార్డ్‌తోనే ఆ పాట ఇంట్లో నలుగురి ముందు హాయిగా పాడొచ్చు.

ఆ దెబ్బలు వాయించేటప్పుడు ఒక కిటుకు. మెట్టు, అంటే వేలితో నొక్కే కీ, పూర్తిగా పైకి లేవనివ్వకుండా సగంలోనే మళ్లీ నొక్కితే మెత్తగా వస్తుంది. గ్రాండ్ పియానోలో ఇది సులువు, దాని లోపలి యంత్రమే మెట్టు పూర్తిగా లేవకముందే మళ్లీ కొట్టేలా ఉంటుంది. నిలువు పియానోలో అంత బాగా రాదు. అందుకే యూట్యూబ్‌లో వాళ్లు వాయించినట్టు మీ ఇంట్లో రావట్లేదంటే తప్పంతా మీ వేళ్లదే కాదు.

కూర్చోవడం గురించి చెప్పాలి, దీని మీద కాసేపు ఉంటాను. స్టూలు ముందు సగం మీద కూర్చోండి, రెండు పాదాలూ నేలకి ఆనాలి, పెడల్ వాడితే మడమ నేల మీదే ఉండాలి. మడమ లేపి పెడల్ తొక్కితే నడుము కదులుతుంది, నడుము కదిలితే పొట్ట బిగుస్తుంది, ఆ నొక్కు గొంతులో వినిపిస్తుంది. ఎడమ చెయ్యి దూరంగా కింది స్వరానికి గెంతినప్పుడు భుజం లేస్తుందేమో అద్దంలో చూసుకోండి, సరిగ్గా అదే క్షణంలో ఊపిరి తీసుకుంటే అది ఛాతీ పైభాగంలోనే ఆగిపోతుంది. ఇంకోటి, మెడ. మనలో చాలామంది ఇంట్లో ఉండేది డిజిటల్ కీబోర్డు, దాని నోట్స్ స్టాండ్ బాగా కిందికి ఉంటుంది. అది చూడ్డానికి గడ్డం గుండెకి ఆనుతుంది. ఆ భంగిమలో పై స్వరం పాడి చూడండి, గొంతు పిసికినట్టే ఉంటుంది. విడిగా ఒక స్టాండ్ కొని కీబోర్డు వెనక పెట్టి, కాగితమో ట్యాబో కళ్ల ఎత్తుకి తెచ్చుకోండి. గొంతు సమస్య అనుకుని నా దగ్గరకొచ్చినవాళ్లలో కొందరికి స్టాండ్ ఎత్తు మార్చగానే సగం సమస్య పోయింది. మాటలు మాత్రం కంఠతా రావాల్సిందే, గొంతుదొకటి, చేతులవి రెండు, మొత్తం మూడు వరసలు ఒకేసారి చదువుతూ జర్మన్ కూడా చదవడం ఎవరివల్లా కాదు.

రికార్డు చేసుకునేటప్పుడు ఫోను పియానో మీద పెట్టకండి. దానికి పియానో ఒక్కటే వినిపిస్తుంది. గది అవతల తలుపు దగ్గర పెట్టండి, అక్కడ వినిపించేదే జనానికి వినిపించేది. వింటే తొంభై పాళ్లు పియానోయే వినిపిస్తుంది, కంగారు పడకండి. షూబర్ట్ కాలం వియన్నా పియానో చెక్క చట్రంది, సుత్తులకి తోలు చుట్టేవారు, శబ్దం పలచగా, తొందరగా ఆరిపోయేలా ఉండేది. ఇప్పటి పియానోకి ఇనప చట్రం, బిగువైన తీగలు. ఆయన శబ్దం తగ్గించమని రాసిన చోట మనం ఇంకా తగ్గించి వాయించాలి.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. మీకు ఒక మేలు ఉంది, అది మీకే తెలియదు. ఆది తాళం వేస్తూ అర ఎడుపు (తాళం మొదలైన కాస్త తర్వాత ఎత్తుకునే) కీర్తన పాడినవాళ్లు మీరు. చెయ్యి తన దారిన తాళం మీద పోతుంటే గొంతు పక్కన ఎత్తుకుంటుంది. పియానో మాత్రమే నేర్చుకున్నవాళ్లకి ఆ వేర్పాటు రావడానికి బోలెడు సమయం పడుతుంది. బ్రామ్స్ లాలిపాట, 1868లో రాసింది, చిన్నపిల్లల బొమ్మల్లో కూడా మోగే పాట, అది ఉంది కదా. అందరూ సులువనుకుని మొదట దాన్నే పట్టుకుంటారు. గొంతు తాళం మీద హాయిగా ఊగుతుంది గానీ కుడి చేతి స్వరాలు దెబ్బ మీద పడవు, కాస్త పక్కన పడుతూ ఉంటాయి. మీరు కీర్తనలో చేసేదానికి సరిగ్గా తిరగేసింది. చెయ్యి జారిందంటే గొంతు కూడా దానివెంట జారిపోతుంది. మొదటి పాటగా మాత్రం వద్దు.

మరి మొదట ఏది? నా దృష్టిలో రెండు దారులు. ఒకటి మన ఇంటిదే. ముత్తుస్వామి దీక్షితుల నొట్టుస్వర సాహిత్యాలు. యూరప్ వరసలకి ఆయన సంస్కృత సాహిత్యం కూర్చినవి. ‘శ్యామలే మీనాక్షి’ వరస ‘ట్వింకిల్ ట్వింకిల్’ వరసే, ‘సంతతం పాహిమాం’ బ్రిటన్ జాతీయగీతం వరస. గమకాలు లేవు, శంకరాభరణం రాగపు స్వరాలు, మూడు కార్డ్స్‌తో పని జరిగిపోతుంది. ‘స స ప ప ద ద ప’ దగ్గర సీ కార్డ్, ఎఫ్ కార్డ్, మళ్లీ సీ. కింద ఎడమ చెయ్యి, పైన మాట, మధ్యలో ఊపిరి. చేతికీ గొంతుకీ పరిచయం చెయ్యడానికి ఇంతకంటే మంచిది నాకు కనబడలేదు. అలాగని త్యాగరాజ కీర్తనకి కార్డ్స్ పెట్టమని నన్ను అడక్కండి. తోడి రాగంలో గాంధారం పియానో మెట్ల మధ్య ఎక్కడో ఊగుతుంటుంది, కింద కార్డ్ పెట్టగానే దాని ఊపిరి తీసేసినట్టే. షడ్జమం, పంచమం పట్టుకుని పాడుకోండి, చాలు.

రెండో దారి అదే షడ్జమ పంచమాలది, అదీ షూబర్ట్ దగ్గరే. ‘వింటర్‌రైజ’లో చివరి పాట ‘డేర్ లైయర్‌మన్’. ఊరి చివర ఒక ముసలాయన మంచు మీద వట్టి కాళ్లతో నిలబడి, చేత్తో తిప్పే వాద్యం తిప్పుతుంటాడు. పళ్లెంలో పైసా పడదు, వినేవాళ్లు లేరు, చుట్టూ కుక్కలు గుర్రుమంటుంటాయి. ఎడమ చేతిలో మొదటి బార్ నుంచి చివరి బార్ దాకా అవే రెండు స్వరాలు, స, ప. మొదట్లో రెండుసార్లు పక్క స్వరం మీంచి జారి వస్తుంది, ఆ తర్వాత అదీ లేదు. మన తంబురా శ్రుతిలో పెరిగినవాళ్లకి ఇది వినగానే చెవి నిలుస్తుంది. ఇంకా మంచి సంగతి, గొంతు రెండు బార్లు పాడి ఆగితే, కుడి చెయ్యి రెండు బార్లు జవాబిస్తుంది. చాలావరకు రెండూ ఒకదానిమీద ఒకటి పడవు. ఒంటరిగా వాయిస్తూ పాడేవాడి కోసమే రాశాడా అనిపిస్తుంది. హెన్షెల్ ఆ ముసలి వయసులో రికార్డు చేసినవాటిలో ఇది కూడా ఉంది. వాయించడం తేలిక, పాడటం తేలిక కాదు. ఏ భావమూ పులమకుండా పాడాలి, అది కుదరాలంటే చెయ్యి గురించిన టెన్షన్ ఏమాత్రం ఉండకూడదు.

శ్రుతి సంగతి. ఈ పాటలకి పై గొంతు, మధ్య గొంతు, కింది గొంతు అని మూడు రకాల ప్రతులు అచ్చులో దొరుకుతాయి. మీ గొంతుకి సరిపడేది తీసుకోండి. కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంది కదా అని దాని మీదే బతకకండి. నొక్కే మెట్టు ఒకటి, వినిపించే స్వరం ఇంకొకటి అయితే కొన్నాళ్లకి చెవికీ చేతికీ తగువు మొదలవుతుంది. తాత్కాలికంగా గొంతు ఎక్కడ హాయిగా ఉందో కనుక్కోడానికి వాడండి, తర్వాత ఆ శ్రుతి ప్రతి తెచ్చుకోండి.

చివరిగా, ఏ కీబోర్డు కొనాలని వచ్చే ముందే ఇద్దరు ముగ్గురు అడిగారు. ఎనభై ఎనిమిది మెట్లు, బరువున్న మెట్లు, పెడల్ తగిలించే సౌకర్యం. అంతే. అరవై ఒక్క మెట్లది ఇంట్లో ఉంటే దాన్ని పారెయ్యక్కర్లేదు, ‘లైయర్‌మన్’ ఎడమ చేతికి అది చాలు. కానీ తేలిక మెట్ల మీద శబ్దం తగ్గించి వాయించడం నేర్చుకోలేరు, అది రాకపోతే మీ గొంతు మీకే వినిపించదు.

పది నిమిషాలు విరామం. తర్వాత పియానో దగ్గరికి రండి, పాడే ధైర్యం లేనివాళ్లు ముందు రండి, వాళ్లకి ఒక్క ఎడమ చెయ్యే ఇస్తాను.