మిగతా 929 ఎక్కడిది?

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరుసల్లో ఓపిగ్గా కూర్చున్న పిల్లలకు నమస్కారం. నా గురించి పరిచయంలోనే చాలా చెప్పేశారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

పదార్థం దేనితో తయారైందో చెప్పమని నిర్వాహకులు అడిగారు. కణాల పట్టిక మొత్తం రావాలన్నారు. చెబుతాను, కానీ గబగబా చెప్పేస్తాను. ఎన్నాళ్ల నుంచో నా మనసులో ఉన్న మాట వేరే ఉంది.

1897లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను కనిపెట్టాడు. 1911లో రూథర్‌ఫర్డ్ పరమాణువు మధ్యలో కేంద్రకం ఉందని తేల్చాడు. 1932లో చాడ్విక్ న్యూట్రాన్‌ను పట్టుకున్నాడు. చాలామంది చదువు ఇక్కడితో ఆగిపోతుంది. కానీ ప్రోటాన్, న్యూట్రాన్ మూలకణాలు కావు. వాటి లోపల క్వార్కులు ఉండాలని 1964లో గెల్‌మన్, జ్వైగ్ అనే ఇద్దరు భౌతిక శాస్త్రవేత్తలు ఎవరికి వారే ఊహించారు. 1960ల చివర్లో స్టాన్‌ఫర్డ్‌లో వేగవంతమైన ఎలక్ట్రాన్లను ప్రోటాన్ల మీదికి వదిలి చూశారు. లోపల ఏవో చిన్న కణాలకు తగిలినట్టు అవి చెదిరిపోయాయి. క్వార్కులు ఆరు రకాలు: అప్, డౌన్, చార్మ్, స్ట్రేంజ్, టాప్, బాటమ్. ఎలక్ట్రాన్ కుటుంబమైన లెప్టాన్లూ ఆరే: ఎలక్ట్రాన్, మ్యూయాన్, టౌ, వాటితో పాటు విద్యుదావేశం లేని మూడు న్యూట్రినోలు. కణాల మధ్య బలాలను మోసేవి ఫోటాన్ అనే కాంతి కణం, గ్లూవాన్లు, డబ్ల్యూ, జెడ్. ఇక హిగ్స్ కణం, అంతటా పరుచుకుని మూలకణాలకు ద్రవ్యరాశినిచ్చే హిగ్స్ క్షేత్రానికి గుర్తు. పట్టిక ఇంతే.

హిగ్స్ దగ్గరే నా బాధంతా. 2012 జులై 4న జెనీవా దగ్గరున్న సెర్న్ అనే కణ పరిశోధన కేంద్రంలో ఆ కణం దొరికిందని ప్రకటించారు. నిజంగా గొప్ప రోజు. కానీ ఆ రోజు నుంచి ప్రపంచంలో ఉన్న బరువంతా హిగ్స్ వల్లే వచ్చిందని రాస్తున్నారు, చెబుతున్నారు, పిల్లలతో బట్టీ పట్టిస్తున్నారు. ఇది తప్పు. దయచేసి ఈ ఒక్క విషయం వినండి.

కొన్నేళ్ల కిందట ఒక విద్యార్థిని నా దగ్గరికి నోట్‌బుక్ పట్టుకుని వచ్చింది. అందులో రెండే అంకెలు. ప్రోటాన్ ద్రవ్యరాశి 938 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు, కణాల ద్రవ్యరాశిని కొలిచే ప్రమాణం ఇది. ప్రోటాన్‌లో రెండు అప్ క్వార్కులు, ఒక డౌన్ క్వార్కు. అప్ సుమారు 2.2, డౌన్ సుమారు 4.7. మూడూ కలిపితే 9. "మిగతా 929 ఎక్కడిది సార్?" అంది. అదే ప్రశ్న క్లాసులో అడిగితే సిలబస్‌లో లేదు, కూర్చో అన్నారట. ఆ సంగతి చెబుతుంటే ఆ పిల్ల గొంతు వణికింది. ఇరవయ్యో శతాబ్దపు భౌతికశాస్త్రంలో ఎంతోమంది మేధావులు తలలు బద్దలు కొట్టుకున్న ప్రశ్నకు ఆ పిల్ల కూడికతో చేరుకుంది. ఆమెను కూర్చోబెట్టారు! నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

హిగ్స్ క్షేత్రం నుంచి వచ్చేది ఆ 9 మాత్రమే. మరి మిగతాది? ప్రోటాన్ వెడల్పు మీటరులో లక్ష కోట్లో వంతు కంటే కూడా చాలా తక్కువ. అంత ఇరుకులో బందీ అయిన క్వార్కులు స్థిమితంగా ఉండలేవు, దాదాపు కాంతి వేగంతో కదులుతూ ఉంటాయి. వాటిని పట్టి ఉంచే గ్లూవాన్లకు సొంత ద్రవ్యరాశి సున్నా, కానీ శక్తి మాత్రం అపారం. క్వార్కును బయటికి లాగాలని చూస్తే ఆ పట్టు సడలదు. లాగడానికి ఖర్చుపెట్టిన శక్తి నుంచే కొత్త క్వార్కు, దాని ప్రతికణం పుడతాయి. అందుకే ఒంటరి క్వార్కును ఎవరూ చూడలేదు. ఆ కదలికల శక్తి, ఆ పట్టులోని శక్తి, ఇవే బయటికి మనకు ద్రవ్యరాశిగా తెలుస్తాయి. ఐన్‌స్టీన్ 1905లో చెప్పింది ఇదే. లోపలంతా అద్దాలున్న పెట్టెలో కాంతిని బంధించారనుకోండి. కాంతికి ద్రవ్యరాశి లేదు, అయినా ఆ పెట్టె ఖాళీ పెట్టె కంటే బరువు తూగుతుంది.

ఇది ఊహ కాదు. 2008లో జర్మనీ, ఫ్రాన్స్, హంగరీ శాస్త్రవేత్తలు సూపర్ కంప్యూటర్ల మీద ఈ సమీకరణాలు లెక్కకట్టి, ప్రోటాన్ లాంటి కణాల ద్రవ్యరాశిని కొద్ది శాతం తేడాతో రాబట్టారు. ప్రోటాన్ లోపల క్షణక్షణం పుట్టి మాయమయ్యే క్వార్కు, ప్రతిక్వార్కు జతలను కూడా కలిపితే క్వార్కుల వాటా కొంచెం పెరుగుతుంది. అయినా అధిక భాగం శక్తిదే. పిల్లలూ, మీ ఒంట్లో బరువంతా దాదాపు ప్రోటాన్లది, న్యూట్రాన్లదే. అంటే తూకం యంత్రం ఎక్కినప్పుడు మీరు చూసుకునే అంకెలో ఎక్కువ భాగం బందీగా ఉన్న శక్తి.

అలాగని హిగ్స్ చిన్నదనుకోకండి, ఆ అన్యాయం నేను చేయను. ఎలక్ట్రాన్‌కు ద్రవ్యరాశి దాని వల్లే వచ్చింది. అది లేకపోతే ఎలక్ట్రాన్ కేంద్రకం చుట్టూ నిలవదు, పరమాణువే ఉండదు. ఇంకో సంగతి, నాకు ఇదంటే చాలా ఇష్టం. న్యూట్రాన్ 939.6, ప్రోటాన్ 938.3. డౌన్ క్వార్కు అప్ కంటే కాస్త బరువు కాబట్టి ఆ చిన్న తేడా. అందుకే విడి న్యూట్రాన్ సగటున పావుగంట లోపే ప్రోటాన్‌గా మారిపోతుంది. క్వార్కులు రెండూ సమానంగా ఉండి ఉంటే, విద్యుదావేశం వల్ల ప్రోటానే బరువెక్కేది. తేడా తగినంత ఉంటే ప్రోటానే న్యూట్రాన్‌గా మారిపోయేది, ఒక్క ప్రోటానే కేంద్రకంగా ఉన్న హైడ్రోజన్ మిగిలేది కాదు. హైడ్రోజన్ లేకపోతే నీళ్లు లేవు. కాబట్టి ఆ 9లో ఉన్న చిన్న హెచ్చుతగ్గులను తేలిగ్గా తీసుకోకూడదు.

వెనక వరుసల్లో టీచర్లు ఉన్నారు కదా, మిమ్మల్ని చేతులు జోడించి అడుగుతున్నాను. బోర్డు మీద ఆ రెండు అంకెలు, 938, 9, రాయండి. జవాబు మీరే చెప్పక్కర్లేదు. పిల్లలు తీసివేత చేసుకుంటారు, ప్రశ్న వాళ్లే అడుగుతారు. అడిగినప్పుడు కూర్చోమనకండి.

టైమ్ అయిపోయిందని చీటీ పంపారు. న్యూట్రినోల గురించి ఒక్క మాట చెప్పి ముగిస్తాను. వాటికి కూడా ద్రవ్యరాశి ఉందని 1998లో జపాన్‌లోని సూపర్ కామియోకాండే ప్రయోగం చూపించింది. ఎలక్ట్రాన్ ద్రవ్యరాశిలో పది లక్షలో వంతు కూడా లేదు. అంత తక్కువ ఎందుకుందో, అది హిగ్స్ నుంచి వస్తోందో లేక ఇంకెక్కడి నుంచైనా వస్తోందో ఇంకా ఎవరూ తేల్చలేదు. ముందు వరుసలో ఆ అమ్మాయి ఇందాకటి నుంచి చెయ్యి ఎత్తే ఉంది. మైకు ఆమెకు ఇవ్వండి.