గీటు లోపల ఉంటే చాలా? ఫోర్డ్ గేరుబాక్సు చెప్పే లెక్క

అందరికీ నమస్కారం. ఈ బల్ల మీద రెండు పెట్టెలు కనిపిస్తున్నాయి కదా, వాటి జోలికి చివర్లో వద్దాం. ముందు ఫోర్డ్ సంగతి.

1980లో ఫోర్డ్ నష్టం సుమారు 154 కోట్ల డాలర్లు. 1981లో 106 కోట్లు, 1982లో ఇంకో 66 కోట్లు. మూడేళ్లలో 320 కోట్ల డాలర్లు దాటిపోయాయి. 1979 నాటి పెట్రోలు కొరత వల్ల జనం చిన్న కార్లకు మళ్లారని, చిన్న కార్లు జపాన్ దగ్గర ఉన్నాయని అప్పట్లో చెప్పుకున్న కారణం. అది సగమే నిజం. చిన్న కారు ఫోర్డ్ దగ్గరా ఉంది, దాని పేరు పింటో. పెట్రోలు ట్యాంకును వెనక ఇరుసుకూ బంపరుకూ మధ్య పెట్టారు. వెనకనుంచి గుద్దితే ట్యాంకు ముందుకు నెట్టుకుపోయి ఇరుసు మీది డిఫరెన్షియల్ బోల్టులకు తగిలి చిరిగేది, పెట్రోలు పోసే గొట్టం ఊడి వచ్చేది. 1978 జూన్‌లో, దాని జంట మోడల్ బాబ్‌క్యాట్‌తో కలిపి, 15 లక్షల కార్లను వెనక్కి పిలిచారు. చేసిన మరమ్మతు ఏమిటి? ట్యాంకుకూ ఇరుసుకూ మధ్య ఒక ప్లాస్టిక్ కవచం, కొంచెం పొడుగాటి గొట్టం. చేతులు కాలాక పట్టుకున్న ఆకులు.

దాని వెనకే ఇంకొకటి. గేరు లీవరు పార్కులో, అంటే బండిని కదలకుండా నిలిపే స్థానంలో, ఉన్నట్టే ఉండి రివర్సులోకి జారుతోందన్న ఫిర్యాదులు. 1980 చివర్లో ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం ప్రకారం సుమారు 2 కోట్ల 30 లక్షల వాహనాల యజమానులకు ఫోర్డ్ పంపింది కొత్త భాగం కాదు, డాష్‌బోర్డుకు అంటించుకోమని ఒక హెచ్చరిక స్టిక్కరు. చట్టం తృప్తి పడింది. కారులో కూర్చున్నప్పుడల్లా ఆ స్టిక్కరును చూస్తూ ఉండేవాడు తరవాతి కారు ఎవరి దగ్గర కొంటాడో ఊహించుకోండి.

1981లో జపాన్ కార్ల దిగుమతికి ఏడాదికి 16 లక్షల 80 వేలని పరిమితి వచ్చింది. అమెరికన్ కంపెనీలు ఊపిరి పీల్చుకున్నాయి, కానీ ఎక్కువ సేపు కాదు. సంఖ్యకు హద్దు పెడితే, ఆ సంఖ్యలోనే ఖరీదైన మోడళ్లు పంపడం జపాన్ వాళ్లు మొదలుపెట్టారు. 1982 నవంబరులో హోండా ఒహాయోలోని మేరీస్‌విల్‌లో అకార్డ్ తయారీ ఆరంభించింది. ‘మన కూలీలు వేరు, వాళ్ల కూలీలు వేరు’ అనే సాకు ఇక చెల్లకుండా పోయింది. అమెరికన్ చేతులే బిగించిన బోల్టులు, కారు మాత్రం అకార్డ్ లాగే ఉంది.

ఇప్పుడు గేరుబాక్సు. ఫోర్డ్‌కు 1979 నుంచి మాజ్దాలో సుమారు 25 శాతం వాటా ఉంది. చిన్న కార్లకు వాడే ఏటీఎక్స్ అనే ఆటోమేటిక్ గేరుబాక్సును ఫోర్డ్ ఒహాయోలోని బటావియాలో చేసేది, అదే డ్రాయింగులతో మాజ్దా జపాన్‌లో చేసి ఇచ్చేది. ఒకే కొలతలు, ఒకే టాలరెన్స్‌లు, అంటే కొలత ఎంతవరకు అటూఇటూ ఉండొచ్చో చెప్పే హద్దులు. అయినా వారంటీ కింద తిరిగొచ్చేవి ఎక్కువగా బటావియావే. మాజ్దా బాక్సు చప్పుడు తక్కువ, గేరు మారేటప్పుడు కుదుపు తక్కువ. ఇంజనీర్లు రెండింటినుంచీ కొన్ని బాక్సులు తీసుకుని విప్పి ప్రతి భాగాన్నీ కొలిచారు. ఫోర్డ్ భాగాలన్నీ డ్రాయింగు గీటు లోపలే ఉన్నాయి, తప్పుపట్టడానికి లేదు. అనుమతించిన టాలరెన్స్‌లో సుమారు 70 శాతం మేర పరుచుకుని ఉన్నాయి. మాజ్దా భాగాలు 27 శాతంలోనే సర్దుకున్నాయి. ఒక భాగం కొలుస్తుంటే రీడింగు మారకపోవడంతో, కొలిచే మనిషి గేజి పాడైందనుకున్నాడట.

గీటు లోపల ఉన్నప్పుడు 70 అయితేనేం, 27 అయితేనేం? లెక్క వేసి చూద్దాం. ఇవి అసలు డ్రాయింగు అంకెలు కావు, అర్థం కావడానికి తీసుకున్నవి. ఒక వాల్వు బోరుకు 20.00 నుంచి 20.04 మి.మీ. వరకు అనుమతి. అందులో జారే వాల్వుకు 19.94 నుంచి 19.98 వరకు. అతి చిన్న బోరులో అతి లావు వాల్వు పడితే సందు 0.02 మి.మీ. అతి పెద్ద బోరులో అతి సన్న వాల్వు పడితే 0.10. అంటే అయిదు రెట్లు తేడా, రెండూ ‘పాస్’. భాగాలు టాలరెన్స్‌లో 70 శాతం మేర పరుచుకుంటే సందు 0.032 నుంచి 0.088 దాకా ఆడుతుంది. 27 శాతంలో ఉంటే 0.049 నుంచి 0.071 మధ్యే నిలుస్తుంది. సందు మరీ తక్కువైతే చిన్న లోహపు రజను చాలు, వాల్వు పట్టేస్తుంది. ఎక్కువైతే ఆయిలు కారి పీడనం పడుతుంది, క్లచ్ పలకలు కరవడానికి ఆలస్యం చేసి జారతాయి, జారి కాలతాయి. గేరుబాక్సులో ఇలాంటి జతలు ఒకటీ రెండూ కాదు. వాల్వులు, బుష్‌లు, థ్రస్ట్ వాషర్లు, గేర్లు అన్నీ తమతమ గీటు చివర్లకు జరిగి ఒకే పెట్టెలో కలిశాయనుకోండి, తిలాపాపం తలా పిడికెడు. ఏ ఒక్క భాగాన్నీ దోషి అనలేం, బాక్సు మాత్రం మోగుతుంది.

దీన్ని తనిఖీ పట్టుకోదు. గో, నో-గో గేజి అవును, కాదు అని రెండే మాటలు చెబుతుంది. 20.001 బోరుకూ 20.039 బోరుకూ దాని జవాబు ఒకటే.

ఫోర్డ్ 1981లో పిలిపించుకున్న డబ్ల్యూ. ఎడ్వర్డ్స్ డెమింగ్ పట్టుబట్టింది ఇక్కడే. జపాన్‌లో 1950 నుంచి గణాంక పద్ధతులు నేర్పిన ఆయన్ను సొంత దేశం పట్టించుకున్నది 1980లో ఒక టీవీ కార్యక్రమం తరవాత. లోపాల్లో అత్యధిక భాగానికి యాజమాన్యం నడిపే వ్యవస్థే కారణం, కూలీ కాదు అన్నది ఆయన మాట. మిషన్ దగ్గర పని ఎలా మారిందో చెబుతాను. గంటకోసారి వరసగా వచ్చిన అయిదు భాగాలు తీసి కొలవాలి. వాటి సగటు ఒక చార్టులో, పెద్దదానికీ చిన్నదానికీ తేడా ఇంకో చార్టులో చుక్క పెట్టాలి. ఇలాంటి 25 గుంపులు పోగయ్యాక, ఆ అంకెల నుంచే పై హద్దు, కింది హద్దు లెక్కకట్టాలి. గుర్తుంచుకోండి, ఇవి డ్రాయింగు హద్దులు కావు, ఆ మిషన్ సహజంగా ఎంత ఆడుతుందో చెప్పే హద్దులు. చుక్క బయటికి పోతేనో, వరసగా ఒకే వైపు నడుస్తుంటేనో మిషన్ ఆపి కారణం వెతకాలి. టూలు అరిగిందా, భాగాన్ని పట్టి ఉంచే ఫిక్స్చర్‌లో రజను ఇరుక్కుందా, ఇనుము లాటు మారిందా, పొద్దున చల్లగా ఉన్న స్పిండిలు మధ్యాహ్నానికి వేడెక్కిందా.

చుక్క హద్దుల్లో ఉన్నప్పుడు మిషన్‌ను ముట్టుకోకూడదు. మంచి పనివాళ్లకు అన్నిటికన్నా కష్టమైన నియమం ఇదే. భాగం రెండు వందో వంతులు పెద్దదైందని టూలును రెండు వందో వంతులు వెనక్కి జరుపుతారు. ఆ పెద్దది యాదృచ్ఛికంగా వచ్చిందైతే, ఇప్పుడు మిషనే పక్కకు తప్పింది. ప్రతి భాగానికీ ఇలా సవరించుకుంటూ పోతే వేరియన్స్ (సగటు నుంచి తేడాల వర్గాల సగటు) రెట్టింపవుతుంది, అంటే పరుచుకునే వెడల్పు సుమారు 41 శాతం పెరుగుతుంది. శ్రద్ధ వల్ల చెడిపోయే పనులు లోకంలో కొన్ని ఉన్నాయి, ఇది అందులో ఒకటి.

ఈ పద్ధతిని సరఫరాదారుల మీదా పెట్టారు. ఫోర్డ్ ఇచ్చే క్యూ1 అనే నాణ్యత గుర్తింపు కావాలంటే మంచి భాగాలు పంపితే సరిపోదు, చార్టులు చూపాలి. ‘క్వాలిటీ ఈజ్ జాబ్ వన్’ (నాణ్యతే మొదటి పని) అన్న ప్రకటన 1981 నుంచే టీవీలో మోగుతోంది. ప్రకటన ముందు వచ్చింది, పని వెనక వచ్చింది. నా లెక్కలో అది తప్పు వరస. అప్పుడే నమ్మి కొన్నవాడికి దొరికింది పాత పద్ధతిలో చేసిన కారే.

టారస్ అనే కొత్త కారు దగ్గర మాత్రం పని ముందు జరిగింది. లూయిస్ వెరాల్డీ నాయకత్వంలో డిజైన్, ఇంజనీరింగు, తయారీ, కొనుగోళ్లు, సర్వీసు మనుషుల్ని మొదటి రోజు నుంచీ ఒకే బృందంలో కూర్చోబెట్టారు. అంతకుముందు డిజైన్ వాళ్లు గీసి గోడ మీదుగా ఇంజనీర్లకు విసిరేవాళ్లు, వాళ్లు ఫ్యాక్టరీకి విసిరేవాళ్లు. పోటీ కార్లు కొని విప్పి, మెచ్చదగిన 400 లక్షణాల జాబితా రాసుకున్నారు. ఆక్సిలరేటరు పెడలు స్పర్శకు ఆడి 5000, పెట్రోలు ముల్లు కచ్చితత్వానికి టొయోటా సుప్రా, జాకీ, స్టెప్నీ సర్దిన తీరుకు బీఎమ్‌డబ్ల్యూ 528ఇ. అసెంబ్లీ లైను వాళ్లను అడిగితే స్పానర్లు మార్చే పని లేకుండా బోల్టు తలలు ఒకే సైజులో ఉంచమన్నారు. బానెట్ కింద యజమాని ముట్టుకోవాల్సిన చోట్లకు వేరే రంగు వేశారు. ఇన్సూరెన్స్ కంపెనీలను సైతం అడిగారు, గుద్దుకుంటే మరమ్మతు ఎక్కడ ఖరీదవుతుందని.

సుమారు 300 కోట్ల డాలర్ల పందెం. 1985 డిసెంబరు 26న కారు వచ్చింది. 1986లో ఫోర్డ్ లాభం జనరల్ మోటార్స్ లాభాన్ని దాటింది. 1924 తరవాత అదే మొదటిసారి. 1992లో 4 లక్షల 9 వేల టారస్‌లు అమ్ముడై, అకార్డ్‌ను వెనక్కి నెట్టి అమెరికాలో ఎక్కువ అమ్ముడైన కారుగా నిలిచింది. అందులో అద్దె కార్ల కంపెనీలకు పోయినవి ఎన్నో ఉన్నాయన్నది చిన్న అక్షరాల్లో చదవాల్సిన సంగతి.

మరి పేరు తిరిగొచ్చినట్టేనా? కొత్త కారుగా వచ్చింది. ఏడేళ్ల కారుగా రాలేదు.

టారస్‌లో వాడిన ఏఎక్స్‌ఓడీ అనే నాలుగు గేర్ల ఆటోమేటిక్, దాని తరవాతి రూపాలు రిపేరు షాపులకు ఏళ్ల తరబడి పని పెట్టాయి. ఇంజను శక్తిని గేరుబాక్సుకు అందించే టార్క్ కన్వర్టరు నుంచి వచ్చే రజను కూలరు దారుల్లో పేరుకుని ఆయిలు ప్రవాహం తగ్గేది, ప్లానెటరీ గేర్లు ఎండిపోయి కాలేవి. 1988 మోడలు నుంచి ఇచ్చిన 3.8 లీటర్ల వీ6 ఇంజనుదైతే హెడ్ గాస్కెట్ జబ్బు, అంటే బ్లాకుకూ దాని మీది హెడ్‌కూ మధ్య సీలుగా ఉండే పొరది. బ్లాకు పోత ఇనుము, హెడ్ అల్యూమినియం. ఒక డిగ్రీ వేడికి మీటరు ఇనుము సుమారు 11 మైక్రాన్లు సాగితే అల్యూమినియం 23 మైక్రాన్లు సాగుతుంది. 400 మి.మీ. హెడ్ 80 డిగ్రీలు వేడెక్కిందనుకోండి. హెడ్ 0.74 మి.మీ., బ్లాకు 0.35 మి.మీ. సాగుతాయి, అంటే మధ్యనుంచి ఒక్కో చివరకు 0.19 మి.మీ. రాపిడి. ఇంజను స్టార్టు చేసి చల్లారిన ప్రతిసారీ గాస్కెట్ ముఖాన్ని అంత దూరం రుద్దుతుంది. ఆ రుద్దుడు తట్టుకునే పూత, సరిపడా బిగింపు లేకపోతే వేల సార్లకు చిరుగు పడుతుంది. కారకుండానే రేడియేటరులో నీళ్లు తగ్గుతాయి, సైలెన్సరులో తెల్లటి పొగ, డిప్‌స్టిక్కు మీద పాలు కలిసిన కాఫీ రంగు. ముందు నీళ్లు తగ్గడం గమనించినవాడికి గాస్కెట్ ఖర్చు, గమనించనివాడికి ఇంజను ఖర్చు. 1994, 1995 మోడళ్లకు ఫోర్డ్ చివరికి ఈ గాస్కెట్ హామీని 7 ఏళ్లకు లేదా లక్ష మైళ్లకు పొడిగించింది.

ఫోర్డ్ చూసుకున్న అంకెలు ఇక్కడే మోసం చేశాయని నా అభిప్రాయం. మొదటి మూడు నెలల లోపాలు, వారంటీలో వచ్చిన ఖర్చు, ఇవి ఫ్యాక్టరీకి వస్తాయి. 70 వేల మైళ్ల దగ్గర రెండో యజమాని వీధి చివర మెకానిక్‌కు కట్టిన డబ్బు ఏ చార్టులోనూ చుక్కగా పడదు. బటావియాలో డ్రాయింగు గీటు లోపల ఉంటే చాలన్నారు, తరవాత వారంటీ గీటు దాటితే మనది కాదన్నారు. గీటు మారింది, ఆలోచన మారలేదు. అకార్డ్, టొయోటా కామ్రీ పాత కారు ధర నిలబెట్టుకున్నది సరిగ్గా ఆ 70 వేల మైళ్ల దగ్గరే. పాత కారు ధర పడితే కొత్త కారుకు డిస్కౌంటు ఇవ్వాలి, డిస్కౌంటు ఇస్తే గాస్కెట్‌కు డబ్బు మిగలదు. 1996లో కోడిగుడ్డు ఆకారాల కొత్త టారస్ చాలామందికి నచ్చలేదు. 1997లో కామ్రీ ముందుకు పోయింది. 2006 అక్టోబరులో అట్లాంటాలో టారస్ తయారీ ఆపేశారు.

అదే ఏడు సెప్టెంబరులో బోయింగ్ నుంచి అలన్ ములాలీ ఫోర్డ్ సీఈఓగా వచ్చారు. కంపెనీ ఆ ఏడాది నష్టం 1,200 కోట్ల డాలర్లకు పైగా. గురువారం సమీక్షలో ప్రతి అధికారీ తన చార్టును ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో చూపాలి. ఇంత నష్టంలోనూ వచ్చిన చార్టులన్నీ పచ్చగానే ఉన్నాయి! కెనడాలోని ఓక్‌విల్‌లో ఎడ్జ్ అనే కారు వెనక తలుపు సమస్యను మార్క్ ఫీల్డ్స్ అనే అధికారి మొదటిసారి ఎర్రగా చూపిస్తే ములాలీ చప్పట్లు కొట్టారు. నీలం ఓవల్ గుర్తుతో సహా ఆస్తులు తాకట్టు పెట్టి తెచ్చిన 2,360 కోట్ల డాలర్ల అప్పుతో, 2009లో జనరల్ మోటార్స్, క్రైస్లర్ దివాలా తీసినా ఫోర్డ్ నిలబడింది. మంచి పేరు మళ్లీ మొదలైంది.

మళ్లీ గేరుబాక్సే తగిలింది. 2011 ఫియెస్టా, 2012 ఫోకస్ కార్లలో పవర్‌షిఫ్ట్ అనే రెండు క్లచ్‌ల (డ్యూయల్ క్లచ్) ఆటోమేటిక్ గేరుబాక్సు పెట్టారు. ఆయిలులో మునగని పొడి క్లచ్‌లు. ఇంధనం ఆదా అవుతుంది. కానీ ట్రాఫిక్‌లో నడక వేగంతో పాకేటప్పుడు క్లచ్ సగం కరిచి సగం జారుతూ ఉంటుంది, పొడి క్లచ్‌లో ఆ వేడి తీసుకుపోవడానికి ఆయిలు లేదు. దానికి తోడు ఇన్‌పుట్ షాఫ్టు సీలు నుంచి ఆయిలు ఊరి పొడి క్లచ్ మీద పడితే వణుకు ఖాయం. సాఫ్ట్‌వేర్ మార్చి చూశారు, క్లచ్‌లు మార్చారు, మార్చినవీ వణికాయి. 2014లో క్లచ్, సీళ్ల హామీ పొడిగించారు. ఎంతవరకో తెలుసా? 7 ఏళ్లు, లక్ష మైళ్లు. 3.8 గాస్కెట్ నాటి అంకెలే. గేరుబాక్సును నడిపే కంట్రోల్ మాడ్యూలుకు 10 ఏళ్లు, లక్షన్నర మైళ్లు. 2018 ఏప్రిల్‌లో ఉత్తర అమెరికాలో సెడాన్‌లు మానుకుంటామని ఫోర్డ్ ప్రకటించింది. కామ్రీ అక్కడే ఉంది.

ఇక పెట్టెలు. ఒక్కోదాంట్లో 25 బుష్‌లున్నాయి. లోపలి వ్యాసానికి అనుమతి 20.00 నుంచి 20.04. పక్కనున్న గో, నో-గో గేజితో అన్నీ పరీక్షించండి, యాభై పాస్ అవుతాయి. తరవాత బోర్ గేజితో మిల్లీమీటరులో వెయ్యో వంతు దాకా కొలిచి, వచ్చిన వరసలోనే చార్టులో చుక్కలు పెట్టండి. చేతి వేడికి బుష్ సాగుతుంది, కొలిచేముందు రెండు నిమిషాలు బల్ల మీద వదిలేయండి. ఒక పెట్టెలో టూలు అరుగుతున్న జాడ ఉంది, అది ఎన్నో బుష్ దగ్గర మొదలైందో చుక్కలు చూసి నాకు చెప్పండి.